చిట్టాలో చినిగిన కాగితం

కర్నూలుకు పిలిచి, బ్యాకప్‌ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ విషయంలో నాకు బాగా తెలిసింది నేను చేసిన తప్పే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి దగ్గర ఒరాకిల్ డేటాబేస్ చూసేవాణ్ణి. దసరా వెళ్లింది, యార్డుకు బండ్లు వరుస కట్టాయి. ఒక మంగళవారం మధ్యాహ్నం తూకం చీటీలు ఎక్కడం ఆగిపోయింది. తెర మీద ఎర్రర్: ఓఆర్‌ఏ-00257. అంటే ఆర్కైవ్ లాగ్‌లు, డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పునూ వరుసగా రాసిపెట్టే ఫైళ్లు, పడే డిస్కు నిండిపోయింది. కౌంటరు దగ్గర రైతులు అరుస్తున్నారు. నేను లైనక్స్‌లోకి పోయి, ఫైళ్లు చెరిపే ఆర్‌ఎం కమాండ్ కొట్టి ఆ ఫోల్డరంతా ఊడ్చేశాను. చీటీలు మళ్లీ ఎక్కాయి. సేటు టీ తెప్పించాడు.

ఆ రాత్రి బ్యాకప్ పడిపోయింది. బ్యాకప్ తీసే ఒరాకిల్ పనిముట్టు ఆర్‌మ్యాన్ ఇచ్చిన ఎర్రర్, ఆర్‌మ్యాన్-06059: ఉండాల్సిన ఆర్కైవ్ లాగ్ కనబడలేదు. ఫైళ్లు తీసేసింది నేను. ఏ ఫైళ్లు ఉన్నాయో జాబితా ఉంచుకునే కంట్రోల్ ఫైలుకు ఆ సంగతి ఎవరు చెప్పారు? దాని జాబితాలో అవి ఇంకా ఉన్నాయి. నెట్‌లో వెతికితే మందు వెంటనే దొరికింది. క్రాస్‌చెక్ ఆర్కైవ్‌లాగ్ ఆల్ అని కొడితే, జాబితాను డిస్కుతో సరిచూసి, లేనివాటికి ఎక్స్‌పైర్డ్ అని గుర్తు పెడుతుంది. ఆ తర్వాత డిలీట్ ఎక్స్‌పైర్డ్ అంటే వాటి పేర్లు కొట్టేస్తుంది. రెండూ కొట్టాను. బ్యాకప్ నడిచింది, నేను నిద్రపోయాను.

శుక్రవారం డేటాబేస్ డిస్కే పోయింది. ఆదివారం తీసిన పూర్తి బ్యాకప్ ఉంది. సోమవారం లాగ్‌లు ఆ రాత్రి బ్యాకప్‌లోకి ఎక్కాయి కాబట్టి ఉన్నాయి. బుధ, గురువారాలవీ ఉన్నాయి. రికవరీ మాత్రం మంగళవారం దగ్గర మొరాయించింది.

లెక్కలు రాసే పెద్దాయన నా వెనక నిలబడి చూస్తున్నాడు. "ఏమప్పా, చిట్టాలో ఒక కాగితం చినిగిపోతే, దాని తర్వాతవి ఎన్నుంటే మాత్రం నిలవ యాడ తేలుతాది?" అన్నాడు. కంప్యూటరు ముట్టని మనిషి. ఆయన లెక్కలో డేటా ఫైళ్లు ఆవర్జా, అంటే ఖాతాల పుస్తకం; లాగ్‌లు చిట్టా, అంటే రోజువారీ పద్దు. చిట్టా వరుస తప్పకుండా ఎక్కితేనే ఆవర్జా ముందుకు సాగుతుంది. నేను ఆ రాత్రి చేసిందల్లా చినిగిన కాగితం నంబరును సూచికలోంచి కొట్టేయడం.

ఆ మంగళవారం రాత్రి చేయాల్సింది ఇంకొక్కటే మిగిలింది: అప్పటికప్పుడు ఒక పూర్తి బ్యాకప్. అప్పటికి డేటాబేస్ బతికే ఉంది, లెక్కంతా ఆవర్జాలో ఎక్కే ఉంది. ఆ రాత్రే మొత్తం కాపీ తీసి ఉంటే, పోయిన లాగ్‌తో పనే ఉండేది కాదు. నేను తీయలేదు. చీటీల కార్బన్ కాపీలు ముందేసుకుని ఇద్దరం రెండు రోజులు టైపు చేశాం.

ఇంకో గండం ఉంది, అది నా నెత్తిన పడలేదు గానీ పడినవాళ్లను చూశాను. ఎర్రర్ వచ్చినప్పుడు అందరం పై లైను చదువుతాం. అడుగు లైను చదవండి. లైనక్స్ ఎర్రర్ 13 అని ఉంటే ఫైలు ఉంది, పర్మిషన్ లేదు. 2 అని ఉంటే ఆ దారిలో ఫైలు లేదు. ఫైలు లేదు అంటే పోయినట్టేనా? రీబూట్ తర్వాత నెట్‌వర్క్ డిస్కు మౌంట్ కాకపోయినా, అంటే సిస్టమ్‌కు తగులుకోకపోయినా, ఆ 2 నంబరే వస్తుంది. అప్పుడు కంగారుపడి క్రాస్‌చెక్, డిలీట్ కొట్టారనుకోండి, లక్షణంగా ఉన్న ఫైళ్ల పేర్లన్నీ జాబితాలోంచి ఎగిరిపోతాయి. కాబట్టి ముందు మౌంట్ చూడండి. ఎవరైనా వేరే ఫోల్డరుకు జరిపారేమో అడగండి. జరిపి ఉంటే క్యాటలాగ్ స్టార్ట్ విత్ అని ఆ దారి ఇస్తే జాబితాలోకి తిరిగొస్తాయి.

డిస్కు నిండితే ఆర్‌ఎం జోలికి పోకుండా, ఆర్‌మ్యాన్‌తోనే వేరే డిస్కుకు బ్యాకప్ తీసి, డిలీట్ ఇన్‌పుట్ పెట్టండి. కాపీ అయినవాటినే తీసేస్తుంది.

సరే, ఈ ల్యాప్‌టాప్‌లో ఒక టెస్ట్ డేటాబేస్ ఉంది. మీరు టీ తాగొచ్చేలోపల అందులో ఒక లాగ్ మాయం చేస్తాను. నిజంగా చెరిపేశానా, జరిపానా, పర్మిషన్ తీసేశానా అన్నది చెప్పను. వెనక వరుసలో ఆ నీలం చొక్కా అబ్బాయీ, మొదట నువ్వే రాప్పా.