పిల్లల ఇంగ్లీషు తప్పులు: ‘రకం’ కాలమ్‌లో ఏం రాయాలి?

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. బయట వాన పడుతోంది, రేకుల మీద చప్పుడు కొంచెం వినిపిస్తుంది, ఏమీ అనుకోకండి.

ఈరోజు దోష విశ్లేషణ, అంటే పిల్లల తప్పులు ఎందుకు వస్తున్నాయో రకాలుగా విడదీసి చూడటం. డీఎస్సీకి చదివేటప్పుడు దీన్ని ఒక బిట్టుగా బట్టీ పట్టి వదిలేస్తాం. నేను క్లాసులో ఎలా వాడతానో చూపిస్తాను. ఇదిగో, ఇవి ఆరో తరగతి పిల్లలు ‘మై ఫ్యామిలీ’ మీద రాసిన వాక్యాలు. పేర్లు తీసేశాను, నంబర్లే ఉంచాను.

ఎక్సెల్ లాంటిదాంట్లో కొత్త షీట్ ఓపెన్ చేయండి. కాలమ్‌లు ఇవి: నంబరు, తేదీ, పిల్లలు రాసింది, రాయాల్సింది, రకం. అంతే, టైప్ చేసేయండి. తేదీ దగ్గర కంట్రోల్ నొక్కి సెమీకోలన్ కొట్టండి, ఈరోజు తేదీ పడిపోతుంది. నాకు బాగా అలవాటైన షార్ట్‌కట్ ఇది. వాక్యాలు మాత్రం పిల్లలు ఎలా రాశారో అలాగే ఎక్కించండి. టీచర్ చెయ్యి కదా, తెలియకుండానే స్పెల్లింగ్ దిద్దేస్తుంది. దిద్దకండి. మనకు కావాల్సింది ఆ తప్పే.

ఎక్కించారా? ఇప్పుడు చిన్న వడపోత. పిట్ కార్డర్ అనే భాషాశాస్త్రవేత్త 1967లో ఎర్రర్ వేరు, మిస్టేక్ వేరు అన్నారు. తెలిసి కూడా చెయ్యి జారితే మిస్టేక్. తెలియకపోవడం వల్ల మళ్లీ మళ్లీ వచ్చేది ఎర్రర్. పుస్తకం ఆ పిల్ల చేతికే ఇచ్చి ‘ఇంకోసారి చూడమ్మా’ అనండి. తనే దిద్దుకుంటే ఆ వరుస తీసేయండి. నేను తీసేశాను, ఇక్కడ పద్దెనిమిది మిగిలాయి. సరే.

ఇప్పుడు ‘రకం’ కాలమ్. ఇక్కడ కాస్త ఆగుదాం. నేను పొరపాటు పడింది ఇక్కడే.

మొదటిసారి చేసినప్పుడు పైన ‘తెలుగు ప్రభావం’ అని ఒక్కసారి రాసి, కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి కంట్రోల్ డి కొట్టాను. కింద వరకూ అదే నిండిపోయింది. తెలుగు పిల్లలు కాబట్టి తప్పులన్నీ తెలుగు వల్లే అనుకున్నాను. 1957లో భాషాశాస్త్రవేత్త రాబర్ట్ లాడో పుస్తకం వచ్చిన రోజుల్లో ఇలాంటి ఆలోచనే బలంగా ఉండేది. మాతృభాషనీ నేర్చుకునే భాషనీ పక్కపక్కన పెడితే ఎక్కడ తేడా ఉందో అక్కడ కష్టం వస్తుందని ముందే చెప్పొచ్చన్నారు.

ఈ నాలుగో వరుస చూడండి. ‘మై హౌస్ ఇన్ టూ కౌస్ ఆర్ దేర్.’ మా ఇంట్లో రెండు ఆవులు ఉన్నాయి. ‘ఇల్లు’ తర్వాత ‘లో’ వచ్చినట్టే ‘హౌస్’ తర్వాత ‘ఇన్’ వచ్చింది. ఇది తెలుగే, అనుమానం లేదు.

ఇప్పుడు తొమ్మిదో వరుస. వాళ్ల నాన్న పనికి చెన్నై వెళ్లాడని రాశాడు. ‘వెంట్’ రాయాల్సిన చోట ‘గో’కి ఈడీ తగిలించాడు. ఇందులో తెలుగు ఎక్కడుంది? లేదు. ఇంగ్లీషు ఇంట్లో పుట్టి పెరిగిన పసిపిల్లలు కూడా ఇలాగే అంటారు. గతం చెప్పాలంటే ఈడీ పెట్టాలన్న సూత్రం పట్టుబడింది, దాన్ని అన్నిచోట్లా వాడుతున్నాడు. అంటే ఎదుగుతున్నాడు. దీనికి ఎర్రసిరా సున్నా చుట్టి ‘తెలుగు మానుకో’ అని చెబితే పిల్లవాడికి ఏం అర్థమవుతుంది?

పన్నెండో వరుస చూడండి. నన్ను బాగా తిప్పలు పెట్టింది ఇదే. ‘మై ఫాదర్ ఫార్మర్.’ మా నాన్న రైతు. తెలుగులో మధ్యలో ‘ఈజ్’లాంటిది అక్కర్లేదు కాబట్టి తెలుగు ప్రభావమే అనిపిస్తుంది. కానీ ఇంగ్లీషు పసిపిల్లలూ మొదట్లో ఈ ‘ఈజ్’ వదిలేస్తారు. 1974లో డ్యూలే, బర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లీషు నేర్చుకుంటున్న స్పానిష్ ఇళ్ల పిల్లలు 60 మందినీ, చైనీస్ ఇళ్ల పిల్లలు 55 మందినీ చూశారు. స్పానిష్‌లో ఇంగ్లీషు ‘ఎ’, ‘ద’ లాంటి ఆర్టికల్స్ ఉన్నాయి, చైనీస్‌లో లేవు. అయినా ఆర్టికల్స్, ‘ఈజ్’, బహువచనం లాంటి చిన్నచిన్న ముక్కలు పిల్లలకు పట్టుబడే వరుస రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకటే అని వాళ్లకు తేలింది. తర్వాత వచ్చినవాళ్లు, లేదు, ఆ వరుస మీద మాతృభాష ప్రభావం కూడా ఉంటుందని చూపించారు. అందుకే పన్నెండో వరుసకి నేను ‘రెండూ’ అని పెడతాను.

‘రకం’కి డ్రాప్‌డౌన్ పెట్టుకోండి. డేటా, డేటా వాలిడేషన్, ఇదిగో. తెలుగు, ఎదుగుదల, రెండూ, తెలియదు. ‘తెలియదు’ తప్పకుండా ఉంచండి. కంట్రోల్ డి మాత్రం ఈ కాలమ్‌లో వద్దు. ఒక్కో వరుసా చదివి పెట్టండి.

ఇంకొకటి. పద్నాలుగో నంబరు పిల్లకి ‘తెలుగు’ అని పెట్టాను. ఒకరోజు అడిగాను, ‘ఇంట్లో అమ్మతో ఏ భాష మాట్లాడతావమ్మా?’ అని. ‘సవర, సార్’ అంది. సీతంపేట వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటోంది. సవర ముండా భాష, తెలుగు ద్రావిడ భాష, అసలు కుటుంబాలే వేరు. ఆ పిల్లకి తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. అన్నేళ్లుగా ఆ పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే బాధగా ఉంటుంది. మన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని సవర నేర్చుకున్నారు, 1931లో ఆ భాషకి వ్యాకరణం కూడా అచ్చువేయించారు. ఆయన పుట్టిన జిల్లాలో పాఠం చెబుతూ నేను ఆ ఒక్క ప్రశ్న అడగలేకపోయాను. అందుకే ‘నంబరు’ పక్కన ఒక కాలమ్ కలపండి, ‘ఇంటి భాష’ అని. ఇచ్ఛాపురం వైపువాళ్లయితే ఒడియా కూడా వస్తుంది.

ఇక ఫిల్టర్ పెట్టి ‘రెండూ’ మాత్రం చూడండి. ముందు వీటి మీదే పని చేస్తాను. ఎలాగంటే, ‘మై ఫాదర్ ఫార్మర్’ అన్నప్పుడు ‘ఓ, యువర్ ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్’ అని సరిచేసి తిరిగి అనేస్తాం కదా, పిల్ల ‘ఎస్ సార్’ అని కూర్చుంటుంది. దిద్దామని మనం అనుకుంటాం, తన మాట ఒప్పుకున్నామని ఆ పిల్ల అనుకుంటుంది. 1997లో లిస్టర్, రాంటా అనే పరిశోధకులు కెనడా క్లాసుల్లో చూసిందీ ఇదే. టీచర్లు దిద్దినవాటిలో సగానికి పైగా ఇలాగే దిద్దారు, వాటిలో పిల్లలు అందుకుని స్పందించింది మూడోవంతు కంటే తక్కువే. అందుకని నేను ‘మై ఫాదర్...’ అని ఆపి ఊరుకుంటాను. ఐదారు సెకన్లు. తొందరపడి మీరే చెప్పేయకండి. మొన్న పద్నాలుగో నంబరు పిల్ల పైకప్పు వైపు చూసి, పెదాలు కదిపి, ‘...ఈజ్ ఫార్మర్’ అంది. ‘ఎ’ రాలేదు. ఫరవాలేదు, దాన్ని ఇంకో వరుసలో ఎక్కించాను.

ఈ షీట్ కాపీ కింద పెట్టాను, తీసుకోండి. ‘ఇంటి భాష’ కాలమ్ ఖాళీగానే ఉంచాను. అది మీ పిల్లల్ని అడిగి నింపాలి.