జడ్జి కుర్చీలో ఆటోనగర్: కాలేజీ పోటీలకు మన ఊరి వ్యాపారులు ఎందుకు కావాలి

హోస్ట్: అందరికీ నమస్కారం. ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్ట్ ఎక్స్‌పోలు, హ్యాకథాన్లు, స్టార్టప్ పిచ్ పోటీలు ఈమధ్య బాగా పెరిగాయి. మార్కులు వేసేవాళ్లలో ప్రొఫెసర్లతో పాటు ఊళ్లో వ్యాపారం చేసుకునేవాళ్లు కూడా కనిపిస్తున్నారు. ఈరోజు మన అతిథి అలాంటివారే. విజయవాడ ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపు నడుపుతారు. చుట్టుపక్కల కాలేజీ పోటీలకు చాలాకాలంగా జడ్జిగా వెళ్తున్నారు. సార్ అని పిలవొద్దన్నారు, కాబట్టి బాబాయ్ గారూ, నమస్తే అండీ.

అతిథి: నమస్తే అమ్మా.

హోస్ట్: సూటిగా అడిగేస్తాను. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో పెద్ద కంపెనీ వాళ్లు వస్తే పోటీకి పేరొస్తుంది కదండీ. ఆటోనగర్ నుంచి మిమ్మల్నే ఎందుకు పిలవాలి?

అతిథి: వాళ్లూ రావాలమ్మా, తప్పులేదు. కానీ పిల్లలు తయారుచేసేది ఎక్కడ వాడతారో ఆ చోటు తెలిసినవాళ్లు కనీసం ఒకరైనా బల్ల దగ్గర ఉండాలి. ఒక ఎక్స్‌పోలో నలుగురు పిల్లలు పసుపు పాలిష్ చేసే డ్రమ్ము పెట్టారు. వెల్డింగ్ చాలా శుభ్రంగా ఉంది. త్రీ ఫేజ్ మోటారు బిగించారు. స్లైడ్లలో ఖర్చు, లాభం అన్నీ ఉన్నాయి. నాతో కూర్చున్న ఇద్దరూ మంచి మార్కులే వేయబోతున్నారు. నేను ఒక్కటే అడిగాను. "బాబూ, దుగ్గిరాల వైపు రైతు పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టే కళ్లం చూశారా? అక్కడ త్రీ ఫేజ్ కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది?"

హోస్ట్: ఏమన్నారు మరి?

అతిథి: ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. త్రీ ఫేజ్ ఉండేది బోరు మోటారు దగ్గర. వ్యవసాయానికి ఇచ్చే సప్లై రోజుకు 9 గంటలు. కళ్లం ఇంకెక్కడో ఉంటుంది. పసుపు ఉడికించాక ఎండడానికే పది పదిహేను రోజులు పడుతుంది, ఆ తర్వాతే పాలిష్. అంటే ఆ యంత్రం ఏడాదిలో కొద్దిరోజులే తిరుగుతుంది. అలాంటప్పుడు ఒక్కో రైతూ ఒక్కోటి కొంటాడా? లేక ఒకడు కొని ఊరంతా అద్దెకు తిప్పుతాడా? అద్దెకైతే దానికి చక్రాలు కావాలి, ట్రాక్టర్ పీటీవోతో, అంటే ఇంజిన్ బలాన్ని వేరే యంత్రానికి అందించే వెనక షాఫ్ట్‌తో తిరగాలి. ఈ మాటలు తిట్టినట్టు చెప్పలేదమ్మా, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. ఆ పిల్లలకు ఆరోజు బహుమతి రాలేదు. కానీ తర్వాత వాళ్లే పల్లెలకు వెళ్లి చూసి, పీటీవో షాఫ్ట్ కొలతలు రాసుకుని మా షాపుకు వచ్చారు. నాకు ఆ రాక చాలా గొప్పగా అనిపించింది.

హోస్ట్: బహుమతి కన్నా ఆ ప్రశ్న ఎక్కువ పనిచేసిందన్నమాట.

అతిథి: ప్రశ్నతో పాటు, సోమవారం పొద్దున లేచి రావడానికి ఒక చోటు కూడా ఉండాలి. పెద్ద కంపెనీ ఆయన పోటీ అయ్యాక విమానం ఎక్కుతాడు. మాది పావుగంట దూరం. లేత్ ఉంది, మిగిలిపోయిన ప్లేటు ముక్కలు ఉన్నాయి, ఇరవై ఏళ్లుగా వెల్డింగ్ చేస్తున్న మనిషి ఉన్నాడు. ఫలితాలు చెప్పేశాక జడ్జి పని అయిపోయిందని అందరూ అనుకుంటారు. నాకు మాత్రం సగం పని అక్కడే మొదలవుతుంది.

హోస్ట్: కొత్త వ్యాపారాల్లో జడ్జిలే డబ్బు పెట్టే టీవీ షో, షార్క్ ట్యాంక్ ఇండియా, 2021 డిసెంబర్‌లో మొదలైంది కదండీ. అప్పటి నుంచి పిల్లలు జడ్జిలను చూసే తీరు మారిందా?

అతిథి: మారింది. మంచి కూడా జరిగింది. ధర ఎంత, తయారీ ఖర్చు ఎంత, మిగిలేది ఎంత అని అడిగితే ఇప్పుడు బెదరడం లేదు. ఇబ్బంది ఏంటంటే, జడ్జి అంటే డబ్బు పెట్టేవాడు అనుకుంటున్నారు. కాలేజీ పోటీకి వచ్చిన వ్యాపారి పెట్టుబడిదారుడు కాదు. ఆ మాట మొదట్లోనే చెప్పేయాలి, లేకపోతే పిల్లలు ఆశపడతారు. కొందరు జడ్జిలకు కూడా ఆ టీవీ ప్రభావం పడుతోంది. పిల్లవాడు సగంలో ఉండగానే ఆపేసి, హాలంతా నవ్వేలా ఒక మాట అంటారు. నాకు అది అస్సలు నచ్చదు. రెండో ఏడు చదివే అమ్మాయి జీవితంలో మొదటిసారి మైకు పట్టుకుంది. ఆ అమ్మాయిని చూసి నవ్వించడానికి మనల్ని పిలవలేదు.

హోస్ట్: భాష సంగతి? చాలా పోటీల్లో ఇంగ్లీషులోనే చెప్పాలంటారు.

అతిథి: అక్కడే నేను గట్టిగా పట్టుబడతాను. "ప్రెజెంటేషన్"కి పది మార్కులు పెట్టి, ఆ పదీ ఇంగ్లీషుకు వేసేస్తే తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లాడు మొదలెట్టకముందే ఓడిపోయినట్టే. చింతకింది మల్లేశం గారిని గుర్తుచేసుకోండి. ఆలేరు దగ్గరి చేనేత కుటుంబం. ఆరో తరగతితో చదువు ఆగిపోయింది. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి అమర్చాలంటే, ఒక్కో చీరకు దాదాపు 9 వేల సార్లు చెయ్యి పైకీ కిందికీ ఆడించాలి. రోజుకు రెండు చీరలంటే 18 వేల సార్లు. వాళ్లమ్మ లక్ష్మి గారికి భుజం నొప్పి. ఆ బాధ చూడలేక 1992లో యంత్రం పని మొదలుపెట్టి, 1999కి పూర్తిచేశారు. అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. మధ్యలో, 1995లోనో 1996లోనో, ఆయన్ని మన ముందు నిలబెట్టి "ఐదు నిమిషాల్లో, ఇంగ్లీషులో, పది స్లైడ్లలో చెప్పండి" అని ఉంటే మనం ఎన్ని మార్కులు వేసేవాళ్లం?

హోస్ట్: బహుశా చాలా తక్కువ.

అతిథి: అదే కదా. కానీ నేత తెలిసిన జడ్జి ఒక్కరు ఉంటే "ఒక చీరకు చెయ్యి ఎన్నిసార్లు తిరుగుతుంది?" అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు ఆయన చెప్పే జవాబులో సమస్య ఎంత పెద్దదో, కొనేవాళ్లు ఎవరో మొత్తం బయటపడుతుంది. అలాంటివాళ్లను వెతికి బయటికి తేవడానికే బ్రిగేడియర్ గణేశం గారి పల్లెసృజన సంస్థ ఊళ్లమ్మట నడుస్తోంది. తెలంగాణలో 2019 నుంచి ఇంటింటా ఇన్నోవేటర్ అనే కార్యక్రమం పెట్టారు. ఇక్కడ 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ వచ్చింది, ప్రాంతాల వారీగా కేంద్రాలు కూడా పెట్టారు. ఇవన్నీ నడవాలంటే మార్కులు వేసేవాళ్లు, సలహా ఇచ్చేవాళ్లు జిల్లాల్లోనే దొరకాలి. ప్రతిసారీ హైదరాబాద్ నుంచి తెచ్చుకుంటే ఎలా కుదురుతుంది?

హోస్ట్: మార్కులు వేసే పద్ధతి గురించి చెప్పండి. బయటివాళ్లకు అది పెద్దగా తెలియదు.

అతిథి: స్కోర్ షీట్ ఇస్తారు. సమస్య, కొత్తదనం, నమూనా, ఖర్చు, మార్కెట్, టీమ్, ఇలా ఒక్కోదానికి పది. చూడ్డానికి బాగానే ఉంటుంది. ఒక చిక్కు ఉంది. ఒక జడ్జి అందరికీ 6 నుంచి 8 లోపే వేస్తారు. ఇంకొకరు 2 నుంచి 10 దాకా వేస్తారు. ముగ్గురివీ కూడితే ఆ రెండో ఆయనకు నచ్చిన టీమే గెలుస్తుంది, మిగతా ఇద్దరి అభిప్రాయానికి విలువ ఉండదు. అందుకని నేను మొదటి రెండు టీములు అయ్యాక కాసేపు ఆగమంటాను. ఎవరెంత వేశాం, ఎందుకు వేశాం అని మాట్లాడుకుని లెక్క సరిచేసుకుంటాం. లేదా మార్కులు వదిలేసి ప్రతి జడ్జీ ర్యాంకులు ఇస్తే, ఆ ర్యాంకులు కలపొచ్చు. అందరికన్నా ముందు చెప్పిన టీముకు కూడా అన్యాయం జరుగుతుంది, పోల్చడానికి ఇంకేమీ ఉండదు కాబట్టి. చివర్లో వాళ్ల షీట్ మళ్లీ చూడాలి.

హోస్ట్: ఒత్తిళ్లు వస్తాయా?

అతిథి: వస్తాయి. ఒకచోట భోజనాల దగ్గర నెమ్మదిగా చెప్పారు, "ఆతిథ్యం ఇచ్చిన కాలేజీకి ఒక బహుమతి ఉంటే బాగుంటుంది కదండీ" అని. షీట్లు సంతకం పెట్టి ఇచ్చేశాను, వాటి ప్రకారమే ప్రకటించమన్నాను. ఆ తర్వాత అక్కడికి వెళ్లలేదు. ఇంకోటి, మా దగ్గర పనిచేసేవాళ్ల అబ్బాయి పోటీలో ఉన్నా, మా సరుకు కొనే కాలేజీ అయినా ముందే చెప్పి ఆ టీముకు మార్కులు వేయకుండా పక్కకు జరగాలి. చిన్న ఊళ్లల్లో అందరూ అందరికీ తెలిసినవాళ్లే. అందుకే ఈ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

హోస్ట్: ఒక శ్రోత పంపిన ప్రశ్న అండీ. "మా ఐడియా జడ్జి విని, ఆయనే చేసేసుకుంటే?"

అతిథి: భయపడటం సహజం. మర్యాదస్తుడైన వ్యాపారి ఆ పని చేయడు, నిజానికి ఐడియా కన్నా దాన్ని నిలబెట్టడమే కష్టం. కానీ పిల్లలకు తెలియని అసలు ప్రమాదం వేరే ఉంది. పేటెంట్ కోసం దరఖాస్తు వేయకముందే నలుగురి ముందు మొత్తం విప్పి చెప్పేస్తే, అది కొత్తది కాదని పేటెంట్ ఆఫీసు కొట్టేయొచ్చు. ప్రభుత్వం నోటిఫై చేసిన ఎగ్జిబిషన్లకు 12 నెలల వెసులుబాటు ఉంది. మన కాలేజీ ఎక్స్‌పోలు మామూలుగా ఆ లెక్కలోకి రావు. కాబట్టి నిజంగా కొత్తది అనిపిస్తే పోటీకి ముందే ప్రొవిజనల్ అప్లికేషన్, అంటే తాత్కాలిక పేటెంట్ దరఖాస్తు, వేసుకోండి. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో వేస్తే ఫీజు 1,600 రూపాయలు. పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల టైమ్ దొరుకుతుంది. ఈ మాట చెప్పడం కూడా జడ్జి బాధ్యతే అంటాను నేను. మంచి నమూనా కనిపిస్తే ముందు అదే అడుగుతాను, "ఫైల్ చేశారా?" అని.

హోస్ట్: చివరిగా, ఇది వింటున్న కాలేజీ వాళ్లకు. మీలాంటివాళ్లను పిలవాలనుకుంటే ఏం సిద్ధం చేసుకోవాలి?

అతిథి: శాలువాలు, జ్ఞాపికలు తర్వాత. ప్రతి టీము గురించి ఒక పేజీ వారం ముందు పంపండి, మేం చదివి వస్తాం. పూటకు ఎనిమిది టీములు మించొద్దు. ఐదు నిమిషాలు చెప్పించి, పది నిమిషాలు ప్రశ్నలకు వదలండి. మామూలుగా తలకిందులుగా చేస్తారు. వేదిక మీద కాకుండా నమూనా ఉన్న బల్ల దగ్గరికే మమ్మల్ని తీసుకెళ్లండి, చేత్తో తిప్పి చూస్తేనే తెలుస్తుంది. ఓడిపోయిన టీములకు కూడా మా షీట్లలో రాసిన వ్యాఖ్యలు కాగితం మీద ఇవ్వండి. జడ్జిలు ఎక్కడ దొరుకుతారంటారా, జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి, ఆటోనగర్ సంఘాల్లో అడగండి. ఆడవాళ్లను తప్పకుండా పిలవండి. పచ్చళ్లు, నూనె గానుగ, టైలరింగ్ యూనిట్లు నడిపే వాళ్లకు ఖర్చు లెక్క నాకన్నా బాగా తెలుసు. కొత్తగా వచ్చేవాళ్లను మాత్రం అనుభవం ఉన్న ఒకరి పక్కన కూర్చోబెట్టండి.

హోస్ట్: మరి మా శ్రోతల్లో వర్క్‌షాపులు, మిల్లులు నడిపేవాళ్లు ఉంటే?

అతిథి: పిలిస్తే వెళ్లండి. ఒక పూట షాపు మూతపడితే ఏమీ కాదు. వెళ్లేటప్పుడు టేపు, వెర్నియర్ కాలిపర్ జేబులో వేసుకోండి, అక్కడ ఎవరి దగ్గరా ఉండవు.

హోస్ట్: చాలా సంతోషం బాబాయ్ గారూ. వచ్చే ఎపిసోడ్‌లో ఇదే విషయం మీద పోటీల్లో పాల్గొన్న విద్యార్థులతో మాట్లాడదాం. నమస్తే.