బ్రిస్టల్ సెల్లార్‌లో డ్రమ్ అండ్ బేస్ నైట్: సబ్ ఎక్కడ పెట్టాలి, బేస్ ఎప్పుడు మార్చాలి

నమస్కారం అండీ. 150 మంది పట్టే సెల్లార్‌లో డ్రమ్ అండ్ బేస్ నైట్ ఎలా పెట్టాలో ఈ వీడియోలో చూద్దాం. డ్రమ్ అండ్ బేస్ అంటే వేగమైన డ్రమ్ములు, లోతైన బేస్ ఉండే డ్యాన్స్ సంగీతం. ఊరు ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్. గది పొడవు 10 మీటర్లు, వెడల్పు 6. ఇటుక గోడలు, చెయ్యెత్తితే తగిలే పైకప్పు. పబ్బుల కింద ఇలాంటి గదులు ఆ ఊళ్లో దొరుకుతాయి. యూకేలో చదువుకుంటూ ఇలాంటి నైట్ పెట్టాలనుకునే మనవాళ్ల కోసం ఈ వీడియో.

బ్రిస్టల్‌నే ఎందుకు తీసుకున్నామంటే, అక్కడి జనం బేస్‌ని కడుపుతో వింటారు. సెయింట్ పాల్స్ పేటలో స్థిరపడిన కరీబియన్ కుటుంబాలు భారీ స్పీకర్ల సౌండ్ సిస్టమ్‌లు కట్టుకున్న ఊరు అది. రోనీ సైజ్, క్రస్ట్, డై, సవ్ లాంటి డ్రమ్ అండ్ బేస్ డీజేలు ఆ గాలిలోంచే వచ్చారు. వాళ్ల రెప్రజెంట్ బృందానికి 1997లో 'న్యూ ఫార్మ్స్' ఆల్బమ్ మీద బ్రిటన్ ఆల్బమ్ అవార్డు మెర్క్యురీ ప్రైజ్ వచ్చింది. కాబట్టి అక్కడ హై-హ్యాట్ (డ్రమ్ సెట్‌లో పళ్లేల చప్పుడు) కొంచెం మొద్దుగా వినిపించినా సర్దుకుపోతారు. సబ్, అంటే ఒంటికి తగిలే అట్టడుగు బేస్, లేకపోతే మాత్రం రెండు ట్యూన్లు చూసి మెట్లెక్కి వెళ్లిపోతారు.

ముందు కాగితాల సంగతి, గబగబా. స్టూడెంట్ వీసా మీద ఉంటే సొంత వ్యాపారం చేయకూడదు, ఎంటర్‌టైనర్‌గా పని చేయకూడదు. అంటే టికెట్లమ్మి లాభం తీసుకునే ప్రమోటర్ మీరు కాలేరు, ఫీజు తీసుకునే డీజే కూడా కాలేరు. డబ్బు తీసుకోకుండా వాయిస్తే పర్వాలేదులే అని మీ అంతట మీరే తేల్చేసుకోకండి. యూనివర్సిటీ వీసా సలహా విభాగాన్ని అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. గ్రాడ్యుయేట్ వీసాకి మారాక సొంతంగా చేసుకోవచ్చు.

రెండోది లైసెన్స్. గది లైసెన్స్ ఎన్నింటిదాకా ఉందో యజమానిని అడగండి. రాత్రి మూడింటిదాకా నడపాలని మీ ఆలోచన, లైసెన్స్ ఏమో పన్నెండింటికే ఆగుతుంది అనుకోండి. అప్పుడు కౌన్సిల్‌కి టెంపరరీ ఈవెంట్ నోటీస్ ఇవ్వాలి. ఫీజు 21 పౌండ్లు. స్టాఫ్, డీజేలతో కలిపి మనుషులు 499 దాటకూడదు. నోటీసు అందిన రోజు, ఈవెంట్ రోజు వదిలేసి మధ్యలో పూర్తిగా 10 పనిదినాలు ఉండాలి. లేట్ నోటీసు అని 5 నుంచి 9 పనిదినాల ముందు ఇచ్చేది కూడా ఒకటుంది. దాని మీద పోలీసులు గానీ, ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ (శబ్దం లాంటివి చూసే కౌన్సిల్ విభాగం) వాళ్లు గానీ అభ్యంతరం చెబితే విచారణ లేదు, ఏమీ లేదు, ఈవెంట్ రద్దే. పోస్టర్ వేశాక లేట్ నోటీసు మీద ఆధారపడటం జూదం.

సరే, గదిలోకి వెళ్దాం. అసలు పని ఇక్కడే.

[తెరపై: గది ప్లాన్, ముందు గోడ మూలల్లో రెండు సబ్‌లు]

అందరూ చేసేది ఇదీ. ఎడమ మూలలో సబ్ (ఆ అట్టడుగు బేస్ వాయించే పెద్ద స్పీకర్), కుడి మూలలో సబ్, వాటి మీద టాప్స్, అంటే మిగతా శబ్దాల స్పీకర్లు. చూడ్డానికి బాగానే ఉంటుంది. ఇప్పుడు ఫోన్‌లో టోన్ జెనరేటర్ యాప్ పెట్టి, 50 హెర్ట్జ్ టోన్ మిక్సర్ ద్వారా వదలండి, మాట్లాడుకునేంత శబ్దంలో చాలు. ఎడమ గోడ వెంబడి నెమ్మదిగా నడవండి. ముందు గోడ నుంచి మూడున్నర మీటర్ల దగ్గర బేస్ జారిపోతుంది. కారణం లెక్కలో ఉంది. 50 హెర్ట్జ్ తరంగం పొడవు 6.9 మీటర్లు. ఆ చోటికి ఎడమ సబ్ మూడున్నర మీటర్లు, కుడి సబ్ దాదాపు ఏడు. తేడా మూడున్నర, అంటే తరంగంలో సగం. ఒక సబ్ గాలిని తోస్తున్నప్పుడు ఇంకోటి లాగుతోంది. మీరు డబ్బు పోసి తెచ్చిన రెండో సబ్ మొదటిదాని పని చెడగొడుతోంది.

అందుకే సబ్‌లన్నీ ఒక్కచోటే. ఈ గదికి 18 అంగుళాల సబ్‌లు నాలుగు చాలు. ముందు గోడ నడుమ, రెండు పక్కపక్కన, వాటి మీద రెండు, మధ్యలో సందు లేకుండా పేర్చండి. ఒకే సిగ్నల్‌తో, దేని యాంప్ దానికి ఉంటే, సబ్‌ల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. విడదీసి పెడితే ఆ లాభం గదంతా సమానంగా రాదు.

పేర్చిన దాన్ని గోడకి పూర్తిగా ఆనించండి. వైర్లు తీయడానికి వీలుగా ఉంటుందని దాదాపు మీటరు ముందుకి జరిపేవాళ్లున్నారు. సబ్‌ల వెనకున్న ఆ గోడ నుంచి తిరిగొచ్చే శబ్దం కూడా సబ్‌ని కోసేస్తుంది. కోన్‌కీ (స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ కదిలే పొర) గోడకీ మధ్య 1.7 మీటర్లుంటే పోయేది సరిగ్గా 50 హెర్ట్జ్. గోడకి ఆనిస్తే బాక్సు లోతు వల్ల కోన్ 80 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, అప్పుడు కోత 107 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. క్రాసోవర్ (సబ్‌లు, టాప్స్ పని పంచుకునే చోటు) 90 హెర్ట్జ్ దగ్గర పెడతాం కాబట్టి అక్కడ సబ్‌కి పెద్దగా పని లేదు. మన పెళ్లి బరాత్‌లో డీజే బండికి ఈ బాధ లేదు. వెనక గోడ లేదు, పైన కప్పు లేదు, బేస్ వీధి వెంబడి పోతుంది. అక్కడి అలవాటుతో సెల్లార్‌లో బాక్సులు పేరిస్తే దెబ్బతింటారు.

ఇప్పుడు గది సొంత గోల. 10 మీటర్ల పొడవున్న గదిలో 17, 34, 51 హెర్ట్జ్ దగ్గర శబ్దం గోడల మధ్య నిలిచిపోతుంది. 51 దగ్గర సరిగ్గా గది నడుమ, ఐదో మీటరు దగ్గర, బేస్‌కి గొయ్యి పడుతుంది. జనం నిలబడేది అక్కడే! వెనక బార్ గోడ దగ్గరేమో గ్లాసులు గిలగిలలాడతాయి. డ్రమ్ అండ్ బేస్ ట్యూన్లలో చాలావాటి సబ్ నోటు ఎఫ్ నుంచి జి మధ్యలో ఉంటుంది. ఎఫ్ అంటే 43.7 హెర్ట్జ్, జి అంటే 49. అందుకే ఒక ట్యూన్‌లో నేల అదిరి, తర్వాతి ట్యూన్‌లో ఫ్లోర్ మధ్య ఏమీ ఉండదు. తిట్లు డీజేకి పడతాయి, తప్పు గదిది.

ఈక్యూలో (బేస్, ట్రెబుల్ విడివిడిగా సర్దే చోట) 50 హెర్ట్జ్ పెంచితే సరిపోతుంది కదా అంటారు. సరిపోదు. గోతిలో ఎంత పోసినా నిండదు, బార్ దగ్గర మోత మాత్రం రెట్టింపవుతుంది. చేయగలిగింది పేర్చిన సబ్‌ల చోటు మార్చడం. పొడవు గోడ మధ్యకి తెస్తే 51 దగ్గర గొయ్యి తగ్గుతుంది. కానీ గది వెడల్పు 6 మీటర్లు కాబట్టి 57 దగ్గర కొత్తది తగులుతుంది. ఎఫ్, జి ట్యూన్లే ఎక్కువ వేసే నైట్ అయితే ఆ బేరం మంచిదే. రెండు చోట్లా పెట్టి, అవే ట్యూన్లతో గదంతా నడిచి, చెవితో తేల్చుకోండి.

తర్వాత పదే పది నిమిషాల పని, కానీ చాలామంది వదిలేస్తారు. 90 హెర్ట్జ్ టోన్ వేసి ఫ్లోర్ మధ్య ఒకరు నిలబడాలి. ఇంకొకరు సబ్‌ల పొలారిటీ స్విచ్ (కోన్ తోసే, లాగే వరసని తిరగేసేది) అటూ ఇటూ తిప్పాలి. శబ్దం ఎటు పెద్దగా ఉంటే అటు ఉంచేయండి. తప్పు వైపు ఉంటే కిక్ డ్రమ్‌కి గుద్దు ఉండదు, చప్పుడే ఉంటుంది.

వైనిల్ రికార్డులు వాయించే డీజే వస్తే డెక్కుల, అంటే వాటిని తిప్పే ప్లేయర్ల, కింద ఏర్పాటు కావాలి. సబ్ కుదుపు టేబుల్ ద్వారా సూదికెక్కి, మళ్లీ సబ్‌లోకి వెళ్లి, ఊళలా పెరుగుతుంది. ఒక్కో డెక్కు కింద 45 సెంటీమీటర్ల చదరపు ఫుట్‌పాత్ రాయి, 5 సెంటీమీటర్ల మందం, దాదాపు 23 కిలోలు. ఆ రాయి కింద నాలుగు మూలలా స్క్వాష్ బంతులు. బంతి దొర్లిపోకుండా కింద టేప్ చుట్ట పెట్టండి. స్పీకర్ల ప్రాసెసర్‌లో 30 హెర్ట్జ్ కిందున్న శబ్దం కట్ చేయండి.

శబ్దం కొలిచేటప్పుడు ఒక మోసం ఉంది. ఫోన్ యాప్‌లు మామూలుగా డీబీ-ఏ, అంటే లోతు బేస్‌ని తగ్గించి లెక్కేసే కొలత, చూపిస్తాయి. 50 హెర్ట్జ్ దగ్గర ఆ కొలత 30 డెసిబెల్స్ తక్కువ చెబుతుంది. అంకె బాగానే ఉందనుకుంటారు, ఈలోపు పై ఫ్లాట్‌లో మంచం ఊగుతుంటుంది. గోడలు దాటేది సబ్బే. బేస్‌ని అంతగా తగ్గించని డీబీ-సీకి మార్చి, డోర్లు మూసి, పక్కింటి గోడ దగ్గర కూడా కొలవండి. గదిలో లిమిటర్ డబ్బా (శబ్దం హద్దు దాటకుండా ఆపేది) ఉంటే ఏ అంకెకి పెట్టారో, హద్దు దాటితే ఏం చేస్తుందో ముందే అడగండి. కొన్ని డబ్బాలు ప్లగ్ పాయింట్ల కరెంటే తీసేస్తాయి, నిండు డ్రాప్‌లో (బేస్, డ్రమ్ములు ఒక్కసారిగా పడే చోట) చీకటి పడ్డట్టే.

చెవుల కోసం మాత్రం డీబీ-ఏనే చూడాలి. 100 డీబీ-ఏలో 15 నిమిషాలుంటే, 85లో 8 గంటలు ఉన్నంత దెబ్బ. బార్ స్టాఫ్ ఐదు గంటలు అక్కడే ఉంటారు. టాప్స్ బార్ వైపు తిప్పకండి, ఇయర్ ప్లగ్స్ గిన్నె కౌంటర్ మీదే పెట్టండి.

ఇక డెక్కుల మీదికి.

[తెరపై: మిక్సర్ దగ్గరగా, ఛానల్ మీటర్]

గెయిన్ (ఛానల్‌లోకి వచ్చే శబ్దం మోతాదు) ఎప్పుడూ ట్యూన్ డ్రాప్‌తో సెట్ చేయాలి, ఇంట్రోతో కాదు. మీటరు నారింజ మొదలయ్యే చోట ఆగాలి. ఎరుపు ఎక్కితే సిస్టమ్‌లోని లిమిటర్ శబ్దాన్ని అణచడం మొదలెడుతుంది. అప్పుడొక వింత జరుగుతుంది. ఇంట్రో పెద్దగా వినిపించి, డ్రాప్ పడగానే శబ్దం చిన్నదైపోతుంది. కంగారులో డీజే ఇంకా పెంచుతాడు, ఇంకా చిన్నదవుతుంది. పదింటి నుంచి పదకొండున్నర దాకా మాస్టర్ 6 డెసిబెల్స్ తక్కువలో ఉంచితే, ఒంటిగంటకి పెంచడానికి చోటుంటుంది.

డీజే సాఫ్ట్‌వేర్ రెకార్డ్‌బాక్స్ కొన్ని ట్యూన్ల వేగాన్ని నిమిషానికి 174 బీట్లు (బీపీఎమ్) బదులు 87గా చూపిస్తుంది. బీట్ గ్రిడ్‌లో రెండింతల బటన్ నొక్కి సరిచేయండి, లేదంటే సింక్ (రెండు ట్యూన్ల వేగం కలపడం) చెడుతుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లోనే ఫార్మాట్ చేయండి, పాత ప్లేయర్లు కూడా చదువుతాయి. యూట్యూబ్ నుంచి లాగిన ఫైళ్లు ఈ సిస్టమ్ మీద వేయొద్దు.

174 బీపీఎమ్‌లో ఒక బార్, అంటే నాలుగు బీట్లు, 1.38 సెకన్లు. 16 బార్లు 22 సెకన్లు, 32 బార్లు 44. వాయిస్తున్న ట్యూన్ డ్రాప్ 64 బార్లు, రాబోయేదాని ఇంట్రో 32 బార్లు అనుకుందాం. అయితే మొదటిది డ్రాప్ అయ్యాక సరిగ్గా 32 బార్లు లెక్కపెట్టి, రెండోది ఒకటో బీట్ మీద వదలాలి. రెండోదాని 'లో' (బేస్) నాబ్ పూర్తిగా ఎడమకి తిప్పి ఉండాలి. ఫేడర్ మెల్లగా పైకి. చివరి బార్‌లో మొదటిదాని 'లో' నాబ్ తీసేయండి. ఆ 1.38 సెకన్లు గదిలో సబ్ ఉండదు, జనం ఊపిరి బిగపడతారు. ఒకటో బీట్ మీద రెండోదాని 'లో' నాబ్ తెరవండి. ఒక్క బీట్ ఆలస్యమైనా డ్రాప్ చప్పబడుతుంది, కాబట్టి చెయ్యి నాబ్ మీదే ఉండాలి.

డబుల్ డ్రాప్ అంటే రెండు ట్యూన్ల డ్రాపూ ఒకేసారి పడాలి. ఒకదాని ఇంట్రో 48 బార్లు, ఇంకోదాని ఇంట్రో 32 అయితే, పెద్దది 16 బార్లు నడిచాక చిన్నది మొదలుపెట్టండి. రెండు బేస్‌లూ కలిపి తెరవొద్దు. ఎఫ్ మీద ఒకటి, ఎఫ్ షార్ప్ మీద ఇంకోటి ఉన్నాయంటే మధ్య తేడా 2.6 హెర్ట్జ్. సబ్ సెకనుకి రెండున్నర సార్లు ఉబ్బి తగ్గుతూ డోకు పుట్టిస్తుంది. ఎనిమిది బార్లు దీని బేస్, ఎనిమిది బార్లు దాని బేస్, అలా మార్చుకుంటూ పోవాలి.

జనం గోడలు బాది రీలోడ్, అంటే అదే డ్రాప్ మళ్లీ, అడిగితే ఫేడర్ దించి, డ్రాప్‌కి 16 బార్ల ముందున్న క్యూ పాయింట్ (ట్యూన్‌లో పెట్టుకున్న గుర్తు) నుంచి మళ్లీ వదలండి. ఆ క్యూ ఇంట్లోనే పెట్టుకుని రావాలి. గంట సెట్‌లో రెండు రీలోడ్లు దాటితే డ్యాన్స్ తెగిపోతుందని మా అభిప్రాయం.

ఎంసీ (మైక్‌లో జనాన్ని ఊపేవాడు) మైక్‌కి 120 హెర్ట్జ్ కింద కట్ పెట్టండి. మైక్ జాలీని అరచేత్తో మూసి పట్టుకోవద్దని ముందే చెప్పండి. అలా మూస్తే అది అన్ని వైపుల నుంచీ శబ్దం తీసుకుని కీచుమంటుంది. పైకప్పు తక్కువున్న గదిలో ఇది తప్పకుండా జరుగుతుంది.

చివరి ట్యూన్ అయ్యాక మొదట మాస్టర్ దించి, యాంప్‌లు ఆపండి, ఆ తర్వాతే మిక్సర్. తిరగేసి చేస్తే 'ఢాం' అని ఒక్క గుద్దు కోన్ మీద పడుతుంది, అద్దె డిపాజిట్ అక్కడే పోతుంది. రాళ్లు, సబ్‌లు మూడింటికి వీధిలోకి మోయకుండా, మర్నాడు మధ్యాహ్నం వచ్చి ఎత్తుకెళ్లేలా యజమానితో ముందే మాట్లాడుకోండి.