తెల్లవారుజామున నాలుగింటికి ఎవరి కోట కడుతున్నట్టు?

(విజయవాడ ఎఫ్ఎం స్టూడియోలో స్ట్రాటజీ (ఎత్తుగడల) వీడియో గేముల మీద జరిగిన ప్రత్యక్ష చర్చ ఇది. మిర్చి వ్యాపారి గారు "యార్డులో తెలిస్తే పరువు పోతుంది, పేరు వేయొద్దు" అన్నారు. ఒక్కరికే తీస్తే బాగుండదని అందరి పేర్లూ తీసేశాం. ముగ్గురూ ఒకేసారి మాట్లాడిన చోట్ల కొంత కత్తిరించాం.)

యాంకర్: నమస్కారం. ఈ ఎండల్లో బెజవాడ జనం మధ్యాహ్నం గడప దాటరు. లోపల కూర్చుని ఏం చేస్తున్నారన్నదే ఇవాళ్టి మాట. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒకరు వచ్చారు. యార్డుకి వేసవి సెలవులు కాబట్టి దొరికారు. మానసిక వైద్యులు డాక్టర్ గారు ఉన్నారు. హైదరాబాద్‌లో ఐదేళ్లు ఫోన్ గేములు తయారుచేసి, ఇప్పుడు పటమటలో సొంతంగా పని చేసుకుంటున్న డెవలపర్ ఉన్నారు. వ్యాపారి గారూ, మీకు ఈ పిచ్చి ఎప్పుడు పట్టింది?

వ్యాపారి: 2001లో అమ్మా. ఇప్పుడు నాకు నలభై ఆరు. అప్పట్లో బ్రాడీపేటలో నెట్ సెంటర్, గంటకి ఇరవై రూపాయలు. మెయిల్ చూసుకుందామని వెళ్లా. పక్క సిస్టమ్ మీద ఒకడు గొర్రెల్ని తోలుకొస్తున్నాడు. కంప్యూటర్ గేమంటే కార్లు, తుపాకులు అనుకునేవాణ్ణి. వీడేంటి గొర్రెలు కాస్తున్నాడని నిలబడి చూశా. అది ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం. 1999లో వచ్చింది. ఆ రోజు మెయిల్ చూడలేదు.

యాంకర్: గొర్రెలు కాయడంలో అంత ఏముందండీ?

వ్యాపారి: చెప్తా వినండి. మామూలుగా మొదట్లో మనకి ముగ్గురు మనుషులు, గుర్రం మీద ఒక వేగు, 200 తిండి, 200 కలప ఇస్తాడు. ఇంకో మనిషి కావాలంటే 50 తిండి ఖర్చు, 25 సెకన్ల సమయం. ఆ మనుషుల్ని తయారుచేసే భవనం టౌన్ సెంటర్, అది ఒక్క క్షణం ఖాళీగా ఉండకూడదు. యార్డులో కాటా ఖాళీగా ఉంటే ప్రాణం ఎట్లా పీకుతుందో, అట్లా పీకుతుంది. గొర్రెలు అయిపోయేలోపు అడవి పందిని రెచ్చగొట్టి ఇంటిదాకా పరిగెత్తించుకు రావాలి. కాస్త ఆలస్యమైతే అది మన మనిషినే పొడిచి చంపుతుంది. ఇదంతా ఏంటంటే, యుద్ధం ఇంకా మొదలే కాలేదు! పొయ్యి మీదికీ, పొలంలోకీ కావాల్సినవి సర్దుకోవడమే అరగంట. ఆ సర్దుబాటులోనే ఉంది మజా అంతా.

యాంకర్: అంటే పగలంతా యార్డులో లెక్కలు చూసి, ఇంటికొచ్చి మళ్లీ లెక్కలేనా?

వ్యాపారి: (నవ్వు) మా ఆవిడ కూడా ఇదే అడుగుతుంది. యార్డులో నా చేతిలో ఏముందమ్మా? చైనాకి ఎగుమతి ఉంటే తేజ రకం మిర్చికి రేటు ఉంటుంది, లేకపోతే లేదు. కోల్డ్ స్టోరేజీల్లో పాత మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎన్ని ఉన్నాయి, వాన ఎప్పుడు పడుతుంది, ఇవేవీ నేను చెబితే జరిగేవి కావు. ఆటలో ఓడిపోతే తప్పు నాదే. ఎక్కడ తప్పానో కూడా తెలిసిపోతుంది. బంగారం మీదికి మనుషుల్ని ఆలస్యంగా పంపా, అంతే. అది తెలిశాక మళ్లీ ఒక ఆట ఆడకుండా ఎట్లా పడుకుంటాం?

డాక్టర్: ఈ మాట నాకు బాగా పనికొస్తుంది. నా దగ్గరికి తల్లిదండ్రులు తీసుకొచ్చేవాళ్లలో ఇంటర్ కుర్రాళ్లు ఎక్కువ. వాళ్లలో కొందరు అచ్చంగా ఇదే చెబుతారు, మాటలే వేరు. కాలేజీలో పొద్దున ఆరింటి నుంచి రాత్రిదాకా చదువుతాడు. వీక్లీ టెస్టులో ర్యాంకు కిందికి పోతుంది. ఎందుకు పోయిందో వాడికి తెలీదు. గేములో మాత్రం పది నిమిషాల క్రితం గుడిసె, ఇప్పుడు కోట. కష్టం కంటికి కనిపిస్తుంది. వాణ్ణి సోమరి అంటారు ఇంట్లో. సోమరివాడు ఎవడైనా రెండొందల మంది కూలీలకి పని పురమాయిస్తూ తెల్లార్లూ కూర్చుంటాడా చెప్పండి?

యాంకర్: డెవలపర్ గారూ, ఆపలేకపోవడం ఆడేవాడి బలహీనతా, ఆటలో పెట్టిన కిటుకా?

డెవలపర్: కిటుకేనండీ, కానీ మొదట్లో అది మోసం కాదు. సివిలైజేషన్ అని 1991లో వచ్చింది, సిడ్ మేయర్ తయారుచేశారు. చదరంగంలా వంతులవారీ ఆట. రాతియుగంలో ఒక ఊరితో మొదలుపెట్టి రాకెట్లదాకా వెళ్లాలి. అది ఆడేవాళ్లందరి ఊతపదం ఒకటే, "ఇంకొక్క టర్న్". ఎందుకంటే, ధాన్యపు కొట్టు రెండు టర్నుల్లో పూర్తవుతుంది, అది చూసి పడుకుందాం అనుకుంటాం. కొట్టు పూర్తయ్యేసరికి పక్క ఊరి గోడకి ఒక్క టర్నే మిగిలి ఉంటుంది. గోడ లేచేసరికి ఓడలు కట్టే విద్య మూడు టర్నుల్లో వస్తానంటుంది. అన్ని పనులూ ఒకేసారి ముగిసే ఘడియంటూ ఆ ఆటలో రాదు. సినిమాకి ఇంటర్వెల్ ఉంది, సీరియల్‌కి "తరువాయి భాగం" ఉంది. ఇక్కడ దింపుకోలు అరుగు లేదు.

యాంకర్: మా వంటింట్లోనూ అంతే కదా. ఒక పొయ్యి మీద పప్పు, రెండో దాని మీద అన్నం, ఈలోపు పాలు పొంగుతాయి.

డెవలపర్: కానీ వంట అయ్యాక జనం తినేస్తారు కదండీ. (నవ్వులు)

వ్యాపారి: తమ్ముడూ, ఆ సివిలైజేషన్‌లో గాంధీగారు నా మీద అణుబాంబు వేశారు. ఆ సంగతి చెప్పు.

డెవలపర్: అందరూ చెప్పే కథ ఒకటుంది. మొదటి ఆటలో గాంధీకి కోపం అంకె అన్నిటికంటే తక్కువ పెట్టారట. ప్రజాస్వామ్యం వచ్చాక అది ఇంకా తగ్గి, సున్నా దాటి వెనక్కి తిరిగి, అక్కడ పట్టే అతిపెద్ద అంకె 255 అయిపోయిందట. వినడానికి భలే ఉంటుంది. అలాంటి పొరపాటేమీ లేదని సిడ్ మేయర్ 2020లో తన ఆత్మకథలో రాశారు. 2010లో వచ్చిన ఐదో భాగంలో మాత్రం సరదాకి కావాలనే అలా పెట్టారు. అన్నగారి మీద పడిన బాంబు ఏ భాగంలోదో మరి.

వ్యాపారి: ఐదోదే. నేనేం అనలా ఆయన్ని. గోధుమ పొలాలు పోయాయి.

యాంకర్: ఒక అనుమానం. మన గుంటూరు పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. ద్రోణవల్లి హారికదీ గుంటూరే. కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్, 2019లో ఒకసారి, 2024లో ఇంకోసారి ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్. వాళ్లకి శాలువాలు కప్పాం. అదే బుర్ర కంప్యూటర్ మీద పెడితే తిట్లా?

డాక్టర్: శాలువా గెలిచినవాళ్లకి కప్పుతాం కదమ్మా. చదరంగం పిచ్చితో చదువు పాడుచేసుకున్నవాళ్లూ ఉంటారు, వాళ్లు రేడియోకి రారు. తేడా ఎక్కడంటే, చదరంగంలో గడియారం బోర్డు పక్కనే ఉంటుంది. టైమ్ అయిపోతే ఓడిపోయినట్టే.

వ్యాపారి: మా నాయనమ్మ సత్తెనపల్లి పక్క పల్లెలో పులి-మేక ఆడేది. గుడి మండపంలో బండ మీద గీతలు చెక్కి ఉండేవి. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకల్ని దూకి తినాలి, మేకలు పులికి దారి లేకుండా కట్టెయ్యాలి. రెండు పక్షాల బలమూ వేరు, ఎత్తూ వేరు. అసలైన స్ట్రాటజీ అదేనండీ. మా నాయనమ్మ ఎప్పుడూ మేకలే తీసుకునేది, నన్ను ఏడిపించేది. కానీ గేదెలు ఇంటికొచ్చే వేళకి ఆట ఎక్కడున్నా లేచిపోయేది. పాలు పిండాలి కదా.

యాంకర్: మీకు గేదెలు లేవు.

వ్యాపారి: అదే వచ్చిన తంటా.

డెవలపర్: ఇక్కడ నేనొక మాట ఒప్పుకోవాలి. అన్నగారి ఆట ఎంత పొడుగైనా గంటకో, గంటన్నరకో గెలుపో ఓటమో తేలుతుంది. ఫోన్లోకొచ్చాక ఆ తేలడమే తీసేశారు. ఫిన్లాండ్ వాళ్ల క్లాష్ ఆఫ్ క్లాన్స్ 2012లో వచ్చింది. అందులో ఊరు కట్టడం మొదట్లో నిమిషాల పని. పోనుపోను ఒక్కో గోపురానికి రోజులు. ఆగలేకపోతే జెమ్స్‌తో, అంటే డబ్బు పెట్టి కూడా కొనుక్కోగల ఆటలోని రత్నాలతో, ఆ సమయాన్ని కొనుక్కోవచ్చు. మనం నిద్రపోతుంటే ఎవడో వచ్చి ఊరు దోచుకుపోతాడు. ఇక పొద్దున లేవగానే చెయ్యి ఎక్కడికి వెళ్తుంది?

వ్యాపారి: అది ఆట కాదు తమ్ముడూ, వడ్డీ వ్యాపారం.

డెవలపర్: అంత మాట అనకండి. రూపాయి పెట్టకుండా ఏళ్ల తరబడి ఆడుతున్నవాళ్లున్నారు. స్నేహితులందరూ ఒక క్లాన్‌గా, అంటే జట్టుగా చేరి...

వ్యాపారి: నేను నా ఆట దగ్గరికి వెళ్లి కూర్చుంటా. మీ ఆట నా జేబులో కూర్చుని గిల్లుతుంది. రెండూ ఒకటే ఎట్లా అవుతాయి?

డెవలపర్: ఒకటి కాదు. నేను పనిచేసిన చోట నోటిఫికేషన్ ఏ గంటకి పంపితే ఎంతమంది తిరిగి తెరుస్తున్నారో రోజూ చూసేవాళ్లం. "మీ సైనికులు ఎదురుచూస్తున్నారు" అని రాసింది నేనే. ఒక పండక్కి ఇంటికొస్తే, ఎనిమిదో తరగతి చదివే మా మేనల్లుడు భోజనం మధ్యలో ఫోన్ చూసి "మామయ్యా, మా సైనికులు ఎదురుచూస్తున్నారు" అని లేచిపోయాడు. (కాసేపు ఆగి) ఆ వాక్యానికి నాకు శభాష్ అన్నారు ఆఫీసులో.

యాంకర్: డాక్టర్ గారూ, దీన్ని జబ్బు అనాలా?

డాక్టర్: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్ ఉంది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అయితే రోజుకి ఇన్ని గంటలు ఆడితే జబ్బు అని అందులో లేదు. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, మిగతా పనులన్నీ ఆట తర్వాతే అయిపోవడం, నష్టం కనిపిస్తున్నా ఇంకా ఇంకా ఆడటం. ఇవి మామూలుగా పన్నెండు నెలల పాటు కొనసాగి, చదువో ఉద్యోగమో ఇల్లో దెబ్బతింటే అప్పుడు అంటాం. సెలవుల్లో రాత్రంతా ఆడిన కుర్రాణ్ణి పట్టుకొచ్చి పేషెంటు చేయొద్దు. ఇంకోటి, రమ్మీ, బెట్టింగుల్ని ఇందులో కలపకండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025లో కేంద్ర చట్టమూ వచ్చింది. అది వేరే చర్చ.

వ్యాపారి: మరి నేను పేషెంటునా డాక్టర్ గారూ? సూటిగా చెప్పండి, ఏమనుకోను.

డాక్టర్: ఆటవల్ల ఎప్పుడైనా నష్టపోయారా?

వ్యాపారి: ... ఒకసారి. 2022లో కొత్తగా మన దేశపు రాజ్యాలు వచ్చాయి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో. ద్రవిడులు, బెంగాలీలు, గుర్జరులు. రాజేంద్ర చోళుడి కథ ఉంది. కొండవీటి రెడ్లు ఎప్పుడొస్తారో గానీ, చోళులైనా వచ్చారని సంబరపడ్డా. ఆ వారం రాత్రిళ్లు అదే పని. ఒక రాత్రి పల్నాడు నుంచి ఒక రైతు, మనకి ఏళ్లుగా సరుకు తెచ్చే మనిషి, లారీ దారిలో చెడిపోయిందని ఫోన్ చేశాడు. మోగింది, చూశా. ఓడలు ఒడ్డుకి చేరేదాకా ఆగుదామనుకున్నా. మర్చిపోయా. పొద్దున చూస్తే తొమ్మిది మిస్డ్ కాల్స్. సరుకు ఒక రోజు ఆలస్యంగా దిగింది, మర్నాటికి రేటు పడింది. తేడా నా చేతి నుంచి ఇచ్చా. తీసుకున్నాడు గానీ, తర్వాతి ఏడాది సరుకు వేరే కొట్టుకి వెళ్లింది.

డాక్టర్: ఆ తర్వాత?

వ్యాపారి: సీజన్లో ఆ కంప్యూటర్ తీగ తీసి మా అబ్బాయికి ఇచ్చేస్తా. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ముట్టను.

డాక్టర్: అయితే మీరు పేషెంటు కాదు. ఆ రాత్రి మాత్రం గీత మీద ఉన్నారు.

యాంకర్: లైన్లో మంగళగిరి నుంచి ఒక అమ్మగారు ఉన్నారు. చెప్పండమ్మా.

ఫోన్‌లో శ్రోత: నమస్కారమండీ. మా పిల్లల గురించి కాదు, మా వారి గురించి. తాగుడు లేదు, పేకాట లేదు కదా అని ఊరుకున్నాను. రాత్రి పదకొండింటికి "ఐదు నిమిషాలు" అంటారు. రెండవుతుంది. అరిస్తే ఇప్పుడు ఆపితే అవతలివాళ్లు తిట్టుకుంటారంటారు. నిజమేనా అది?

డెవలపర్: నలుగురితో కలిసి ఆడుతుంటే నిజమేనండీ, మధ్యలో లేస్తే జట్టు ఓడిపోతుంది. ఒక్కరే ఆడుతుంటే మాత్రం అబద్ధం. సేవ్ చేసి లేవొచ్చు. ఈసారి "ఎప్పుడు ఆపుతారు" అనొద్దు, "ఒక్కరేనా, జట్టా" అని అడగండి.

వ్యాపారి: మా ఆవిడ ఇంకో పద్ధతి పెట్టిందమ్మా. "ఏ ఏజ్‌లో ఉన్నారు?" అంటుంది. నా ఆటలో నాలుగు యుగాలుంటాయి, డార్క్ ఏజ్ మొదటిది, ఇంపీరియల్ చివరిది. డార్క్ ఏజ్ అంటే తను తినేసి పడుకుంటుంది. ఇంపీరియల్ అంటే ఇక అయిపోవచ్చిందని కంచాలు పెడుతుంది.

శ్రోత: అంటే ఆ ఆటేదో నేను కూడా నేర్చుకోవాలంటారా అన్నయ్యగారూ? నాకు పొద్దున ఐదింటికి పంపు నీళ్లు వస్తాయండీ.

(ఎవరూ మాట్లాడలేదు.)

యాంకర్: వ్యాపారి గారూ?

వ్యాపారి: నా దగ్గర జవాబు లేదమ్మా. మా ఇంట్లో కూడా పంపు ఐదున్నరకే. ఎవరు లేస్తున్నారో ఇప్పటిదాకా ఆలోచించలేదు.

యాంకర్: మీ ఆవిడ గారు ఈ కార్యక్రమం వింటున్నారా?

వ్యాపారి: వింటోంది. పేరు చెప్పకపోయినా గొంతు గుర్తుపడుతుంది కదా. (నవ్వులు) ఏమంటుందో వారధి దాటి ఇంటికెళ్తే గానీ తెలీదు.