బోర్డు చూసి రాయలేని పాప ఎక్కడ ఆగిపోతోంది?

[తెర మీద: తెరిచిన నోట్‌బుక్, పెన్సిల్ పట్టుకున్న చిన్న చెయ్యి. దూరంగా బోర్డు.]

బోర్డు మీద ఒక వాక్యం ఉంది. "చెట్టు కింద కుక్క పడుకుంది." మూడో తరగతి పాప దాన్ని నోట్‌బుక్‌లో రాసుకోవాలి. పక్కనున్న పిల్లలు ఒకసారి తలెత్తి "చెట్టు కింద" అనుకున్నారు, తల దించి రాసేశారు. ఇంకోసారి చూసి మిగతాది రాసేశారు. రెండు చూపుల్లో పని అయిపోయింది.

ఈ పాప తలెత్తింది. "చె" పట్టుకుంది, దించి రాసింది. మళ్లీ తలెత్తింది. "ట" చూసింది, కొమ్ము చూసింది, కింద ఒత్తు చూసింది. తల దించేసరికి ఆ మూడింట్లో ఒకటి జారిపోయింది. "చెటు" అని రాసింది. అనుమానం వచ్చి మళ్లీ చూసింది. ఈసారి బోర్డు మీద తను ఎక్కడిదాకా వచ్చిందో దొరకలేదు. మొదటి నుంచి వెతుక్కుంది. నేను వెనక నిలబడి లెక్కపెట్టాను. నాలుగు మాటల వాక్యానికి 14 సార్లు తలెత్తింది. అప్పటికి తరగతి మొత్తం తర్వాతి పనిలోకి వెళ్లిపోయింది.

సాయంత్రం ఆ నోట్‌బుక్ ఒక్కటే చూస్తే ఎవరైనా ఏమంటారు? "సగంలో వదిలేస్తుంది, శ్రద్ధ లేదు" అంటారు. నేనూ అన్నాను, ఆ పాపకి వినబడేలాగే అన్నాను. ఆ రోజు వెనక నిలబడి చూశాకే తెలిసింది, ఆ గదిలో అందరికన్నా ఎక్కువ కష్టపడింది తనేనని.

[తెర మీద: "వెనకబడింది" అనే మాట చెరిగిపోయి, "ఎక్కడ ఆగింది?" అని కనిపిస్తుంది.]

ఈ వీడియో 6 నుంచి 11 ఏళ్ల మధ్య పిల్లల కోసం. చదవడంలోనో, రాయడంలోనో, లెక్కల్లోనో, చెప్పింది వినడంలోనో మిగతావాళ్లకన్నా కొంచెం ఎక్కువ సాయం కావలసిన పిల్లల కోసం. చూడాల్సింది టీచర్లు, అమ్మానాన్నలు. నేను అడిగేది ఒక్కటే. ప్రతి పనిలోనూ మెట్లుంటాయి. బిడ్డ ఏ మెట్టు దగ్గర ఆగిందో కళ్లతో చూడండి. సాయం ఆ మెట్టు దగ్గరే చెయ్యండి.

అన్నిటికన్నా ముందు కళ్లు, చెవులు. పరీక్ష చేయించకుండా ఇంకే నిర్ణయానికీ రావద్దు. చిన్నపిల్లలకి చెవి మధ్య భాగంలో నీరు చేరి, వినికిడి కొన్ని వారాలు తగ్గి మళ్లీ మామూలవడం చాలా సాధారణం. అలాంటి బిడ్డ ఒక రోజు వింటుంది, ఒక రోజు వినదు. చూసేవాళ్లకి అది మొండితనంలా కనిపిస్తుంది.

[తెర మీద: టీచర్ గొంతు మాత్రమే వినిపిస్తుంది. తెర నల్లగా ఉంటుంది.]

ఇప్పుడు ఒక మాట చెప్తాను, వినండి. "పుస్తకాలు మూసేసి, లెక్కల నోట్‌బుక్ తీసి, 23వ పేజీలో రెండో లెక్క చేసి, కింద గీత గీసి, నా దగ్గరికి తీసుకురండి."

ఇందులో ఐదు పనులున్నాయి. కొంతమంది పిల్లలకి చివరిది ఒక్కటే నిలుస్తుంది. వెంటనే లేచి ఖాళీ నోట్‌బుక్‌తో మన దగ్గరికి వచ్చేస్తారు. మనం అరుస్తాం. ఆ బిడ్డ మన మాట విన్నది, వెంటనే చేసింది కూడా. మొదటి నాలుగూ మనసులో నిలవలేదు, అంతే. పని చేస్తున్నంతసేపూ విషయాన్ని మనసులో పట్టి ఉంచే ఈ శక్తిని వర్కింగ్ మెమరీ అంటారు. 1974లో బ్యాడ్లీ, హిచ్ అనే ఇద్దరు బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇది ఎలా పనిచేస్తుందో ఒక నమూనాగా వివరించారు. దీని పరిమాణం చిన్నది. పెద్దవాళ్లకీ చిన్నదే, పిల్లలకి ఇంకా చిన్నది. ఒకే వయసు పిల్లల మధ్య కూడా చాలా తేడా ఉంటుంది.

అందుకే ఒకసారికి ఒకటి, మహా అయితే రెండు పనులు చెప్పండి. చెప్పాక, "ఇప్పుడు ఏం చేస్తావు?" అని ఆ బిడ్డతోనే చెప్పించండి. "అర్థమైందా?" అని అడిగితే అందరూ తల ఊపుతారు, అర్థం కానివాళ్లు ఇంకా గట్టిగా ఊపుతారు. పెద్ద పనైతే బల్ల మీద చిన్న బొమ్మల చీటీ పెట్టండి. పుస్తకం బొమ్మ, పెన్సిల్ బొమ్మ, టీచర్ బొమ్మ. ఒక్కో పని అవగానే ఆ బొమ్మ మీద టిక్ పెట్టుకుంటుంది. ఆటిజం ఉన్న పిల్లలకైతే రోజంతటికీ ఇలాంటి బొమ్మల టైమ్‌టేబుల్ ఉంటే ఎంతో నిమ్మళం. తర్వాత ఏం జరగబోతోందో తెలియకపోవడం వాళ్లలో చాలామందికి పెద్ద టెన్షన్.

ఇప్పుడు మళ్లీ మన పాప దగ్గరికి.

[తెర మీద: నోట్‌బుక్ పక్కనే అదే వాక్యం రాసిన చిన్న చీటీ. వేలు మాట మాటకీ జరుగుతుంది.]

మర్నాడు బోర్డు మీది వాక్యాన్నే ఒక చీటీ మీద రాసి నోట్‌బుక్ పక్కన పెట్టాను. తల ఎత్తాల్సిన పని లేదు, చోటు తప్పే పని లేదు. ఎడమ చేతి వేలు మాట మీద, కుడి చేతిలో పెన్సిల్. వాక్యం పూర్తయింది. ఒత్తులు ఇంకా తప్పాయి. అది వేరే మెట్టు. కానీ అది వేరే మెట్టని కనబడింది, అదే నాకు కావలసింది. ఎక్కడిదాకా వచ్చిందో వెతుక్కునే కష్టం తీసేస్తే, ఒత్తులో ఉన్న కష్టం ఒంటరిగా బయటపడింది.

ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. ఆ పిరియడ్‌లో మనం నేర్పాలనుకున్నది చూసి రాయడమా, పాఠం అర్థం చేసుకోవడమా? అర్థం చేసుకోవడమైతే, మొత్తం రాయించడమెందుకు? వాక్యం మనమే రాసిచ్చి ఒక్క మాట ఖాళీ వదలవచ్చు. నోటితో చెప్పించవచ్చు. "మిగతా పిల్లలకి అన్యాయం కాదా" అని చాలామంది అడుగుతారు. కాదు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం 24వ అధికరణం, ఒక్కో బిడ్డ అవసరాన్ని బట్టి తగిన మార్పులు చేయాలనే అంటుంది. దయతో ఇచ్చేది కాదు, బిడ్డకి రావలసింది.

ఇక ఒత్తుల సంగతి. చదవడం దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఎక్కువ మంది పిల్లలు చిక్కుకునేది ఇక్కడే.

తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బందిని డిస్లెక్సియా అంటారు. ఆ మాట 1887 నుంచీ ఉంది, రుడాల్ఫ్ బెర్లిన్ అనే జర్మన్ కంటి వైద్యుడు పెట్టిన పేరు. కంటి వైద్యుడు పెట్టడం వల్లనో ఏమో, అక్షరాలు తిరగబడి కనిపించే జబ్బని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. ఎక్కువ మంది పిల్లల్లో అసలు ఇబ్బంది చూపులో లేదు. మాటలోని ధ్వనులను విడదీసి పట్టుకోవడంలో, వాటిని అక్షరాలతో జోడించడంలో ఉంది. తెలివికీ దీనికీ సంబంధం లేదు. కథ చెప్పమంటే ఆ బిడ్డే అందరికన్నా బాగా చెప్పవచ్చు.

[తెర మీద: "కలం", "కాలం" పక్కపక్కన. తర్వాత "మెడ", "మేడ".]

మన లిపిలో ఎంత చిన్న గుర్తు ఎంత పెద్ద తేడా చేస్తుందో చూడండి. ఒక్క దీర్ఘంతో కలం కాలమవుతుంది, మెడ మేడ అవుతుంది. ద, ధ మధ్య తేడా చిన్న గీత. ప, వ, ష దగ్గరి చుట్టాల్లా ఉంటాయి. ఇక ఒత్తు వచ్చిందంటే చూపు పైకీ కిందకీ వెళ్లాలి, పలకడం మాత్రం ఒక్క ఊపులో జరగాలి. అలవాటైన మనకి ఇదంతా కనబడదు.

అందుకని రూపంలో దగ్గరగా ఉన్న అక్షరాలను ఒకే రోజు నేర్పకండి. ఒకటి గట్టిపడ్డాకే రెండోది. అక్షరాల కన్నా ముందు చెవికి పని చెప్పండి, పుస్తకం లేకుండా, నడుస్తూ ఆడే ఆటలా. "కలపలో చివర ప తీసేస్తే ఏం మిగిలింది?" "కల." "పలకలో మొదట ప తీసేస్తే?" "లక." లక అంటే ఏమీ లేదు కదా అని బిడ్డ నవ్వితే ఇంకా మంచిది, ధ్వనిని విడిగా పట్టుకుందన్నమాట. ఒత్తులకి చప్పట్లు వాడండి. "చెట్-టు" అని విరిచి పలుకుతూ, ఆ ట్ దగ్గర గొంతు ఒక్క క్షణం ఆగడం బిడ్డకి తెలిసేలా చెయ్యండి. తర్వాతే రాయడం. ఇసుక మీద వేలితో దిద్దుతూ, ఆ ధ్వనిని పైకి అంటూ రాయాలి. 1930ల్లో అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అనే వైద్యుడూ, ఆయనతో పనిచేసిన అన్నా గిల్లింగ్‌హామ్ అనే విద్యావేత్తా మొదలుపెట్టిన పద్ధతికి ఇదే పునాది. కన్ను, చెవి, నోరు, చెయ్యి ఒకేసారి కలిసి పనిచేయడం, చిన్న మెట్టు నుంచి పెద్ద మెట్టుకి క్రమంగా వెళ్లడం.

దీన్ని "ఈ బిడ్డ చూసి నేర్చుకునే రకం, ఆ బిడ్డ విని నేర్చుకునే రకం" అని విడగొట్టడంతో కలపకండి. పిల్లల్ని అలా రకాలుగా చేసి బోధిస్తే మేలు జరుగుతుందని సరైన ఆధారం లేదు.

చదవమనగానే కడుపునొప్పి వచ్చే పిల్లలున్నారు. సరిగ్గా తన వంతు వచ్చే ముందు పెన్సిల్ ముక్కు విరిగిపోయే పిల్లలున్నారు. అల్లరిగా కనిపించే పిల్లల్లో కొంతమంది "మొద్దు" అనిపించుకోవడం కన్నా "అల్లరి" అనిపించుకోవడం నయమని ఎంచుకున్నవాళ్లు. అందరి ముందూ చదివించాలనుకుంటే, ఆ పేరా ముందు రోజే చెప్పండి. ఇంట్లో రెండుసార్లు చదువుకుని వస్తుంది. ప్రశ్న అడిగాక ఆగండి. 1970ల్లో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు తరగతులను రికార్డు చేసి విన్నప్పుడు, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. అదే 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, "తెలియదు" అనేవాళ్లు తగ్గారు. మీ తరగతిలో మనసులో మూడు లెక్కపెట్టి చూడండి, ఎంత పెద్ద నిశ్శబ్దంలా అనిపిస్తుందో.

[తెర మీద: 7 గింజలు, 5 గింజలు. అంకెలు తర్వాత వస్తాయి.]

లెక్కల గురించి క్లుప్తంగా చెప్తాను. 7కి 5 కలపమంటే ప్రతిసారీ ఒకటి నుంచి వేళ్ల మీద మొదలుపెట్టే బిడ్డకి కూడికలు ఇంకో వందసార్లు రాయించి లాభం లేదు. చేత్తో కదిలించే వస్తువులు ముందు, వాటి బొమ్మ తర్వాత, అంకె చివర. బిడ్డ తడబడిందంటే ఒక మెట్టు వెనక్కి. ఐదో తరగతైనా సరే గింజలు వాడనివ్వండి.

ఇప్పుడు మనసుకి కష్టమైన విషయం. ఎక్కువ సాయం చేయడం కూడా బిడ్డను ఆపేస్తుంది. ఇంగ్లండ్, వేల్స్ బడుల్లో పీటర్ బ్లాచ్‌ఫోర్డ్ బృందం చేసిన పెద్ద అధ్యయనం 2009లో వెలువడింది. తరగతిలో టీచర్‌కి తోడుగా ఉండే అసిస్టెంట్ల సాయం ఎక్కువగా అందిన పిల్లలు, అలాంటి ఇబ్బందులే ఉండి తక్కువ సాయం అందినవాళ్లకన్నా తక్కువ ముందుకెళ్లారు. తప్పు అసిస్టెంట్లది కాదని, వాళ్లను వాడుకున్న తీరుదని ఆ బృందమే చెప్పింది. ఆ పిల్లలకి అసలు టీచర్ దగ్గర సమయం తగ్గిపోయింది. పక్కన కూర్చున్నవాళ్లు పని పూర్తి చేయించడం మీదే దృష్టి పెట్టారు. ఇంట్లో హోంవర్క్ దగ్గర మనం చేసేదీ ఇదే కదా. పెన్సిల్ లాక్కుని మనమే రాసేస్తాం. దాని బదులు 15 నిమిషాలు పెట్టండి. అయినంత అవుతుంది. మిగిలింది ఖాళీగా వదిలి, "ఇంతవరకు తనే చేసింది" అని రాసి పంపండి. టీచర్‌కి కావలసింది ఆ ఖాళీయే.

1976లో వుడ్, బ్రూనర్, రాస్ అనే ముగ్గురు ఇలాంటి సాయాన్ని పరంజాతో పోల్చారు. గోడ లేస్తున్నకొద్దీ పరంజా విప్పాలి. మా పాప చీటీని కూడా అలాగే విప్పాం. మొదట పూర్తి వాక్యం, కొన్ని వారాల తర్వాత ఒత్తులున్న మాటలు మాత్రమే, ఆ తర్వాత చీటీ బల్ల లోపల, కావాలంటేనే తీయాలి. లక్ష్యం కూడా చిన్నగా, కొలిచేలా పెట్టుకున్నాం. "చదువు మెరుగుపడాలి" అంటే ఎప్పుడు మెరుగుపడిందో ఎవరికీ తెలియదు. "ఒత్తులున్న 10 మాటల్లో 8 సరిగ్గా చదవాలి, ఆరు వారాల్లో" అంటే తెలుస్తుంది.

ఇంత చేసినా ఆరు నెలలకి కూడా ఇబ్బంది తగ్గకపోతే నిపుణుల దగ్గర పరీక్ష చేయించండి. ఏ పేరు పెడతారో అని భయపడి ఆపకండి. ఆ పేరు వచ్చాకే సాయం అనుకుని చీటీ ఇవ్వడం కూడా ఆపకండి.

ఒక పని మాత్రం ఎక్కువ బడుల్లో జరగదు. ఏడాది చివర బిడ్డ పై తరగతికి వెళ్తుంది, మనం నేర్చుకున్నదంతా మనతోనే ఉండిపోతుంది. కొత్త టీచర్ మళ్లీ "శ్రద్ధ లేదు" దగ్గర మొదలుపెడతారు. ఒక్క పేజీ రాసివ్వండి. ఏం పనిచేసింది, ఏం పనిచేయలేదు, ఏ మాట అంటే ముడుచుకుపోతుంది. ఆ పేజీలో చివరి వాక్యం బిడ్డను అడిగి రాయండి.

[తెర మీద: ఆ పేజీ అడుగు భాగం. గుండ్రటి పెద్ద అక్షరాలు.]

మా పాప తనే రాస్తానంది. చీటీ చూడలేదు. "నన్ను మొదట పిలవద్దు టీచర్. ఇద్దరు చదివాక పిలవండి, అప్పుడు చదువుతాను." పిలవద్దులో ఒత్తు ఉంది.