కార్డు మీద బ్రెయిలీకి ముందే చోటు వదలండి

అన్నలూ, అక్కలూ, ఇక్కడున్నవాళ్లలో నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఐడీ కార్డుల షాపులు నడిపేవాళ్లే ఎక్కువ కాబట్టి నేరుగా పనిలోకి వస్తా. ఈమధ్య ఒక ఆఫీసు కార్డు చూశాను, బ్రెయిలీ చుక్కల్ని సిరాతో అచ్చేశారు, వేలు పెడితే నున్నగా ఉంది. చూపులేనివాళ్లకి అది ఉత్త ప్లాస్టిక్కే గదా!

బ్రెయిలీలో ఒక గడికి ఆరు చుక్కలు, రెండు నిలువు వరసల్లో మూడేసి. చుక్కకీ చుక్కకీ మధ్య సుమారు 2.5 మిల్లీమీటర్లు, ఒక గడి మొదలు నుంచి పక్క గడి మొదలుకి 6, చుక్క ఎత్తు దాదాపు అర మిల్లీమీటరు. చోటు చాల్లేదని ఫాంటు తగ్గించినట్టు వీటిని తగ్గిస్తే వేలికి అర్థం కాదు. మన కార్డు వెడల్పు 85.6 మిల్లీమీటర్లు, అంచులు వదిలితే వరసకి 13 గడులు పడితే గొప్ప. 'నెల్లూరు' కంటికి మూడక్షరాలే, కానీ మన దేశ భాషలకి వాడే భారతి బ్రెయిలీలో గుణింతానికో గడి, ఒత్తున్న అక్షరం ముందు ఇంకో గడి, అన్నీ కలిపి 8. 'వెంకటేశ్వర్లు'కి 13, వరస అక్కడికే నిండింది, ఇంటిపేరు కింది వరసకి పోవాల్సిందే. ఫోన్ నంబరు నయం, ముందు అంకెల గుర్తు ఒకటి, తర్వాత 10 అంకెలు, 11 గడుల్లో అయిపోతుంది.

ఇక గుద్దడం, అంటే చుక్కల్ని కార్డు మీద ఉబ్బేలా చేయడం. రంగుల ప్రింటు ముందు, చుక్కలు తర్వాత. తిరగేసి చేశారో, ఉబ్బిన కార్డు ప్రింటర్ హెడ్డుని గీరేస్తుంది, హెడ్డు ఖరీదు మీకు నేను చెప్పక్కర్లేదు. వెనకనుంచి గుద్దుతాం కాబట్టి అమరిక అద్దంలో చూసినట్టు తిరగబడి, కుడినుంచి ఎడమకి ఉండాలి. సూది మొన గుండ్రంగా ఉండాలి, ముందువైపు దానికి సరిపడా గుంట ఉన్న అచ్చు ఉండాలి. మొన వాడిగా ఉంటే కార్డు పీవీసీ ప్లాస్టిక్ తెల్లబారి చిట్లుతుంది, దెబ్బ చాలకపోతే చుక్క వేలికి తగలదు. చిప్పు, మాగ్నెటిక్ స్ట్రిప్ జోలికి పోవద్దు. ట్యాప్ చేసే కార్డుల్లో కంటికి కనపడని తీగ చాలావాటికి అంచు వెంబడి తిరుగుతుంది, అది తెగితే గేటు తెరుచుకోదు. అందుకే డిజైన్ అంతా అయ్యాక మూల మిగిలిందని బ్రెయిలీ పెట్టడం కాదు, ఫొటోకి వదిలినట్టే దానికీ మొదటే చోటు వదలండి.

మొత్తం ఆర్డరు ఒకేసారి కొట్టొద్దు. ఒక కార్డు గుద్ది, బ్రెయిలీ చదివేవాళ్ల చేతికివ్వండి, సరే అన్నాకే మిగతావి. పని చేయించుకున్నాం కాబట్టి వాళ్లకి డబ్బులివ్వండి, టీ ఇచ్చి పంపేయడం కాదు.