డిపాజిట్ పోయాక: ఉత్తర చెన్నై వార్డు అభ్యర్థితో మాటామంతీ

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ రోజు మనతో ఉన్న అక్కది తండయార్‌పేట వైపు. 2022 ఫిబ్రవరిలో జరిగిన గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ ఎన్నికల్లో ఒక చిన్న పార్టీ తరఫున కౌన్సిలర్ పదవికి పోటీ చేశారు. గెలవలేదు, డిపాజిట్ కూడా దక్కలేదు. పార్టీ పేరు, వార్డు నంబరు లేకుండా మాట్లాడదామని ముందే అనుకున్నాం. అక్కా, నమస్తే.

అభ్యర్థి: నమస్తే తమ్ముడూ. పేర్లు వద్దన్నది నేనే. పార్టీ పేరు చెబితే ఇదంతా ప్రచారం అనుకుంటారు. నేను చెప్పాలనుకున్నది వార్డు గురించి.

హోస్ట్: డిపాజిట్ పోవడం అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం ఒక్క మాట చెప్పండి.

అభ్యర్థి: చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే నామినేషన్‌తో కట్టిన డబ్బు తిరిగి ఇవ్వరు. కార్పొరేషన్ వార్డుకి జనరల్ అభ్యర్థి 4,000 రూపాయలు కట్టాలి, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు అందులో సగం. డబ్బుగా చూస్తే పెద్దది కాదు. కానీ "డిపాజిట్ పోయిందట" అన్న మాట వీధంతా తిరుగుతుంది. మా మామగారు కొన్నాళ్లు టీ కొట్టు వైపే వెళ్లలేదు. నన్ను మాత్రం బూత్ వారీ లెక్క ఇప్పటికీ వదల్లేదు.

హోస్ట్: లెక్కింపు రోజు మీరే రాసుకున్నారు కదా?

అభ్యర్థి: అవును, ఫిబ్రవరి 22న. వార్డు ఎన్నిక కదా, చాలా త్వరగా తేలిపోతుంది. మెషిన్ తెచ్చి బల్ల మీద పెడతారు, సీలు చూపిస్తారు, బటన్ నొక్కుతారు. ఒక్కో అభ్యర్థికి ఎన్ని ఓట్లో వరసగా పైకి చదువుతారు. జాలీకి ఇవతల మనం కూర్చుని రాసుకోవాలి. నేను నోట్‌బుక్‌లో ముందురోజు రాత్రే గళ్లు గీసి పెట్టుకున్నాను. ఎడమ వైపు బూత్ నంబర్లు, పైన అభ్యర్థుల పేర్లు. 2021 నవంబరు వానలకి మా వైపు చాలా వీధుల్లో నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. అప్పుడు మేమంతా కలిసి అన్నం వండి పంచిన వీధులు కొన్ని ఉన్నాయి. ఆ వీధుల మెషిన్ తెరిచినప్పుడు నా గడిలో రాసుకున్న అంకె చాలా చిన్నది. మేం పెద్దగా తిరగని అపార్ట్‌మెంట్ల బూత్‌లో నాకు దానికంటే ఎక్కువ పడ్డాయి.

హోస్ట్: అప్పుడు ఏమనిపించింది?

అభ్యర్థి: కళ్లలో నీళ్లు తిరిగాయి, నిజమే చెబుతున్నా. పక్కన మా ఏజెంటు కుర్రాడు ఉన్నాడు, వాడి ముందు ఏడవకూడదని తల వంచుకుని రాస్తూ పోయాను. తర్వాత కొన్నాళ్లకి ఆ వీధిలోని ఒక పెద్దావిడ, నేను అత్తా అని పిలుస్తాను, తనంతట తనే మా ఇంటికి వచ్చింది. "అమ్మాయ్, నువ్వంటే నాకు ప్రాణం. కానీ నీకు ఓటేస్తే నువ్వెళ్లి ఏ ఆఫీసులో ఎవర్ని అడుగుతావు? నా పెన్షన్ ఆగిపోయింది. వాళ్ల మనిషైతే ఒక్క ఫోన్ కొడతాడు" అంది. చాలా ప్రేమగానే చెప్పింది. ఓటు వెయ్యలేదని నా ముందు కూర్చుని చెప్పడానికి ఎంత ధైర్యం ఉండాలి! నన్ను అంత దగ్గరి మనిషి అనుకోబట్టే చెప్పింది.

హోస్ట్: అంటే మంచితనానికి, ఓటుకి సంబంధం లేదా?

అభ్యర్థి: ఉంది, కానీ అది సరిపోదు. మా వార్డులో ఓటు వేసే ముందు జనం చూసేది ఒక్కటే. ఈ మనిషిని పట్టుకుంటే ప్రభుత్వం దాకా వెళ్లొచ్చా, లేదా? అది తప్పని నేను అనను. ఫలితాలు చూడు. 200 వార్డుల్లో డీఎంకే ఒక్కటే 153 గెలిచింది. కాంగ్రెస్, వామపక్షాలు, మిగతా మిత్రులను కలిపితే 178. అన్నాడీఎంకేకి 15 వచ్చాయి. అంతకు తొమ్మిది నెలల ముందే రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. 2011 అక్టోబరులో కూడా ఇదే జరిగింది. అప్పుడు కొత్తగా అధికారంలోకి వచ్చింది అన్నాడీఎంకే, కార్పొరేషనూ వాళ్లదే అయింది. సెక్రటేరియట్‌లో ఎవరుంటే కార్పొరేషన్ ఆఫీసు రిపన్ బిల్డింగ్‌లోనూ వాళ్లే ఉండాలని జనం అనుకుంటారు. అయినా 2022లో ఐదుగురు స్వతంత్రులు గెలిచారు. కాబట్టి దారి పూర్తిగా మూసుకుపోయిందని నేను ఒప్పుకోను.

హోస్ట్: మధ్యలో చాలా ఏళ్లు ఎన్నికలే జరగలేదు కదా?

అభ్యర్థి: అసలు విషయం అదే తమ్ముడూ! 2016 అక్టోబరులో జరగాల్సిన ఎన్నికలను మద్రాసు హైకోర్టు రద్దు చేసింది, రిజర్వేషన్లు సరిగ్గా పాటించలేదని. పాత కౌన్సిల్ గడువు అదే నెలలో ముగిసింది. అక్కణ్నుంచి 2022 దాకా చెన్నైలో ఒక్క కౌన్సిలర్ కూడా లేరు. అధికారులే నడిపారు. ఈ మధ్యలో వార్దా తుపాను వచ్చింది, 2019లో నీళ్ల కరువు వచ్చింది, కరోనా వచ్చింది. ఆ కష్టాలన్నిటిలో జనం ఎవరి దగ్గరికి వెళ్లారు? ఎమ్మెల్యే దగ్గరికి, లేదంటే వీధిలో ఉండే పార్టీ వట్టం మనిషి, అంటే వార్డు స్థాయి నాయకుడి దగ్గరికి. వాళ్లు కొన్ని పనులు చేసి పెట్టారు కూడా. అలా ఐదేళ్లకు పైగా అలవాటైపోయాక ఒక రోజు నేను వెళ్లి "కౌన్సిలర్‌గా గెలిపించండి" అంటే, కౌన్సిలర్ అంటే ఏం చేస్తారో పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలకి తెలియదు. పెద్దవాళ్లు మర్చిపోయారు.

హోస్ట్: బెంగళూరు శ్రోతలకి ఇది బాగా అర్థమవుతుంది. అక్కడ 2015లో ఎన్నికలు జరిగాయి, 2020 సెప్టెంబరులో కౌన్సిల్ గడువు ముగిసింది, ఆ తర్వాత ఏళ్లు గడిచాయి.

అభ్యర్థి: నిజమే. మా పిన్ని కూతురు కె.ఆర్. పురంలో ఉంటుంది. వీధి దీపం వెలగకపోతే ఎవరికి చెప్పాలని నన్ను అడుగుతుంది! ఎన్నిక జరిగి ఓడిపోవడం వేరు. అసలు ఎన్నికే లేకపోతే నాలాంటి చిన్న పార్టీ వాళ్లకి తలుపు తట్టే అవకాశమే ఉండదు. పెద్ద పార్టీకి ఎమ్మెల్యే ఉంటాడు, ఆఫీసు ఉంటుంది, వాళ్లకి నష్టం లేదు.

హోస్ట్: ప్రచారంలో జనం మిమ్మల్ని ఎక్కువగా ఏం అడిగారు?

అభ్యర్థి: మంచినీళ్లు, మురుగు, ఇంటి పట్టా. ఈ మూడింటిలో ఒక్కటీ నేరుగా కౌన్సిలర్ చేతిలో లేదు! నీళ్లు, మురుగు పైపులు మెట్రోవాటర్ బోర్డువి, అది వేరే సంస్థ, 1978 నుంచి ఉంది. వాన నీటి కాలువ కార్పొరేషన్‌ది. రోడ్డు మీద నిలిచినవి వాన నీళ్లయితే ఒకరికి చెప్పాలి, మురుగు పొంగితే ఇంకొకరికి. రెండూ కలిసి వస్తే ఇక చూడు. పట్టా రెవెన్యూ వాళ్లది. క్వార్టర్స్ అయితే గృహవసతి బోర్డు, అదే పాత స్లమ్ బోర్డు. కౌన్సిలర్ చేతిలో ఉన్నవి వీధి దీపాలు, లోపలి రోడ్లు, చెత్త, పార్కులు, కార్పొరేషన్ బడులు, అమ్మ క్యాంటీన్లు. అవి చిన్నవి కావు. ఉత్తర చెన్నైలో కార్పొరేషన్ బడి బాగుంటే ఎన్ని ఇళ్లు బాగుపడతాయో నేను చూశాను, నేనూ అలాంటి బడిలోనే చదివాను. కానీ గుమ్మంలో నిలబడి "నీళ్ల విషయం నా చేతిలో లేదమ్మా, బోర్డు వాళ్లతో కొట్లాడతాను" అంటే ఒక చూపు చూస్తారు. పక్క పార్టీ ఆయన "చేయిస్తాం" అనేసి వెళ్లిపోతాడు. అయినా నేను లేనిది చెప్పలేదు. ఆ విషయంలో నాకు ఇప్పటికీ తృప్తిగా ఉంది.

హోస్ట్: గుర్తు ఎలా ఇచ్చారు?

అభ్యర్థి: గుర్తింపు లేని పార్టీకి సొంత గుర్తు ఉండదు. ఉపసంహరణ ఫిబ్రవరి 7న ముగిసింది, అప్పటికి గానీ మాకు గుర్తు ఖాయం కాలేదు. 17 సాయంత్రంతో ప్రచారం ఆపాలి, 19న పోలింగ్. ఆ పది రోజుల్లోనే నోటీసులు అచ్చు వేయించాలి, బ్యానర్లు కట్టాలి, ఇంటింటికీ వెళ్లి గుర్తు చూపించాలి. డీఎంకే ఉదయించే సూర్యుడు, అన్నాడీఎంకే రెండాకులు చిన్నప్పటి నుంచీ గోడల మీద చూస్తూ పెరిగినవాళ్లం అందరం. ఒక ముసలావిడ నా చేయి పట్టుకుని, "నీకే వేస్తాను తల్లీ, నీది రెండాకులే కదా?" అంది. కాదని మళ్లీ బొమ్మ చూపించాను. కాసేపు చూసి తలూపింది. ఆవిడ ఎవరికి వేసిందో నాకు తెలియదు.

హోస్ట్: మీరు తెలుగులో ప్రచారం చేశారా?

అభ్యర్థి: గుమ్మం దగ్గర తెలుగు, కాగితం మీద తమిళం. మా వైపు ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ తెలుగు చదవడం వచ్చినవాళ్లు తక్కువ. నోటీసు తెలుగులో వేస్తే ఎవరు చదువుతారు? "ఏమత్తా, తిన్నారా" అనగానే మాత్రం మొహాలు విప్పారతాయి, లోపలికి రమ్మంటారు, నీళ్లిస్తారు. భాష తలుపు వరకు తీసుకెళ్తుంది. ఈ నగరంలో మనవాళ్లు రాజకీయాలకి కొత్త కాదు. రిపన్ బిల్డింగ్ ముందున్న విగ్రహం పిట్టి త్యాగరాయ చెట్టి గారిది, నగర పాలక సంస్థ అధ్యక్షుడిగా చేశారు, టీ నగర్‌కి ఆయన పేరే.

హోస్ట్: వార్డు మహిళలకి కేటాయించారు కదా, అది కలిసొచ్చిందా?

అభ్యర్థి: కేటాయించకపోతే నాకు టికెట్టే వచ్చేది కాదు. 2016 చట్టం వచ్చాక తమిళనాడు స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. మేయర్ ప్రియ గారు 74వ వార్డు నుంచి గెలిచి, చెన్నైకి మొదటి దళిత మహిళా మేయర్ అయ్యారు. ఆ వార్త చూసిన రోజు, ఓడిపోయిన బాధలో ఉండి కూడా, నాకు చాలా సంతోషమేసింది. కొన్నిచోట్ల పోస్టర్ మీద భార్య బొమ్మ చిన్నగా, భర్త బొమ్మ పెద్దగా ఉంటుంది. అది మారాలి. మా ఆయన మాత్రం నా వెనకే నడిచాడు, మైకు పట్టుకోలేదు.

హోస్ట్: డబ్బు పంపకం?

అభ్యర్థి: జరిగింది. ఏ పార్టీ అని చెప్పను. చెన్నైలో అభ్యర్థి ఖర్చు పరిమితి 90,000 రూపాయలు. మేం అందులో సగం కూడా పెట్టలేకపోయాం. కానీ డబ్బు వల్లే ఓడిపోయామని చెప్పుకుంటే జనాన్ని తక్కువ చేసినట్టే. తీసుకుని కూడా తమకి నచ్చినవాళ్లకే వేసినవాళ్లు నాకు తెలుసు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. చెన్నైలో పోలింగ్ 44 శాతం కూడా లేదు. సగానికి పైగా జనం రాలేదు.

హోస్ట్: మరి ఇప్పుడు ఏం చేస్తున్నారు?

అభ్యర్థి: 2022 నవంబరు 1 నుంచి ఏరియా సభలు మొదలయ్యాయి. వార్డుని భాగాలు చేసి, ఒక్కో చోట జనాన్ని పిలిచి సమస్యలు అడగాలి. మా దగ్గర జరిగినప్పుడల్లా వెళ్తున్నాను. మన సమస్య రాయించాలి, రాసిన కాగితం ఫొటో తీసుకోవాలి, తర్వాతి సభలో అదే కాగితం చూపించి అడగాలి. నన్ను ఓడించి గెలిచిన ఆవిడే ముందు కూర్చుంటారు. నేను అడిగితే జవాబిస్తారు. పార్టీలు వేరైనా ఆవిడ మా అందరి కౌన్సిలర్, ఆ మాట నేను ఆవిడ ముందే అన్నాను. పెన్షన్ ఆగిన అత్తని కూడా ఒకసారి తీసుకెళ్లాను. తనే లేచి మాట్లాడింది, తెలుగూ తమిళం కలిపి.

హోస్ట్: మళ్లీ పోటీ చేస్తారా?

అభ్యర్థి: పార్టీ నిలబెడితే చేస్తాను. ఈ కౌన్సిల్ 2022 మార్చి 2న ప్రమాణం చేసింది, గడువు 2027 మొదట్లో ముగుస్తుంది. ఎన్నిక ఆ లోపు జరగాలి, 2016లో లాగా ఆగకూడదు. ప్రస్తుతం నేను ఓటర్ల జాబితా పట్టుకుని తిరుగుతున్నాను. అసెంబ్లీ జాబితా నుంచే వార్డు జాబితా తయారవుతుంది. మా వీధుల నుంచి నగరం దక్షిణ శివారులోని పెరుంబాక్కం వైపు మారిపోయినవాళ్లు ఉన్నారు, అద్దె ఇళ్లు మారినవాళ్లు ఉన్నారు. ఇల్లు మారితే ఫారం 8, కొత్తగా పేరు చేర్చాలంటే ఫారం 6. వింటున్నవాళ్లు ఇవాళే ఒకసారి చూసుకోండి, ఇంట్లో పెద్దవాళ్ల పేర్లు కూడా. ఫారం నింపడం రాకపోతే పక్కింటి కాలేజీ పిల్లల్ని అడగండి, మా వీధిలో వాళ్లే నింపుతున్నారు.